దాలినాయుడు మాస్టారి పౌనఃపున్యం

గంగన్నవలస జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్ దాలినాయుడు సోమవారం మొదటి పీరియడ్‌లో, బోర్డు మీద బొమ్మ వేస్తూ వేస్తూ, విద్యుదయస్కాంత తరంగమైపోయాడు. సుద్దముక్క కింద పడింది. పిల్లలు బొమ్మను నోట్సులోకి ఎక్కించుకోవడం పూర్తిచేశారు.

ప్రిన్సిపాల్ విజయకుమారి కంగారుపడలేదు. స్టాఫ్‌రూములోని పాత రేడియో తెప్పించి, ఆయన గొంతు దొరికేదాకా ముల్లు తిప్పారు.

"మాస్టారూ, ఎక్కడున్నారండీ?"

"ఊరంతా ఉన్నట్టున్నానండి మేడమ్."

"మరి వేలిముద్ర ఎలా వేస్తారు? హాజరు కాలమ్‌లో ఏటి రాయమంటారు?"

జిల్లా కార్యాలయానికి లేఖ వెళ్లింది. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోగల మనిషి తాలూకు ఫైలు నలభై కిలోమీటర్లు దాటడానికి పదకొండు రోజులు పట్టింది. వాళ్లు పంపిన ఫారంలో ‘మాధ్యమం: తెలుగు / ఇంగ్లీషు’ అని ఉంది. "ఏ మాధ్యమమూ అక్కర్లేదు" అన్నాడు దాలినాయుడు. ఈ తరంగాల గురించి ఇరవైరెండేళ్లుగా క్లాసులో చెబుతున్న వాక్యమే. గడి ఖాళీగా ఉందని ఫారం తిరిగొచ్చింది. తెలుగు అని రాయించాడు.

తర్వాత కొలతలు తీశారు. ఎక్స్ కిరణం కాకపోయినా, కంటికి కనబడే వెలుగన్నా అయ్యుంటానని ఆయన లోలోపల ఆశపడ్డాడు. రేడియో తరంగమని తేలింది. పౌనఃపున్యం తక్కువ, అందుకని శక్తీ తక్కువే. అల పొడవు మాత్రం బారెడు. గోడల్లోంచీ మనుషుల్లోంచీ, వాళ్లకేమీ కాకుండా, దాటిపోతాడు.

సంగతి విన్న భార్య పైడితల్లి రేడియో దగ్గరకొచ్చి, "ఇందులో కొత్తేటుందండీ? మీరు సెప్పిన పాటాలన్నీ పిల్లల్లోంచి అలాగే కదా పోయాయి!" అంది.

కోపం రావలసింది. నవ్వొచ్చింది ఆయనకు. రేడియో గరగరమంది.

పాఠాలు మళ్లీ మొదలయ్యాయి. కుర్చీలో రేడియో, రేడియోలో మాస్టారు. త్రైమాసిక పరీక్షలో ఉత్తీర్ణత ఎప్పటిలాగే వచ్చింది. ఒక్క శాతమూ అటూ ఇటూ కాలేదు.

ఒకరోజు గౌరీశ్వరి అనే అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, మీరు పోతానే ఉంటారు కదా. ఆగిపోతే ఏటవుతారు?"

దాలినాయుడు ఒక్క క్షణం ఆగి ఆలోచించబోయాడు. ఆగడం కుదరలేదు. ఊరవతలిదాకా పరుచుకున్న ఒళ్లంతా జలదరించింది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న తనకు తట్టనే లేదు. ఇప్పుడు తానే తరంగమైనా జవాబు తెలియడం లేదు.

"అది సిలబస్‌లో లేదమ్మా," అన్నాడు.

గౌరీశ్వరి నోట్సులో ప్రశ్న కొట్టేసి కూర్చుంది. క్లాసంతా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది, అందరికంటే ముందు మాస్టారు.