కలియోపి నీలిపూస

ఓడ మునిగిపోతే ఒంటిమీద ఏముండాలి అన్నది కలియోపి అన్నిటికన్నా ముందు ఆలోచించింది. అందుకే ఆ విలాసాల ఓడ ప్రయాణానికి మంచి గౌన్లు పక్కనబెట్టి ఉన్ని మేజోళ్ళు సర్దింది.

"నీళ్ళలో పడితే ఉన్ని బరువెక్కి ఇంకా తొందరగా ముంచుతుందే," అన్నాడు భర్త స్తమాతిస్.

ఏథెన్స్ రేవు పిరేయస్‌లో సిటీ బస్సు నడిపీ నడిపీ రిటైరైన మనిషి. చర్చిలో తప్ప ఎక్కడా నెత్తిమీది బూడిదరంగు టోపీ తియ్యడు. కిందటి శీతాకాలం నుంచి ఉతుకుతానన్నా ఇవ్వడం మానేశాడు.

"అయితే నన్ను మునిగి చావమంటావా, చలికి చావమంటావా?"

"అసలు చావెందుకు కలియోపీ? మనం వెళ్ళేది సరదాకి."

"సరదాకి వెళ్ళినవాళ్ళే మునుగుతారు. పనిమీద వెళ్ళేవాళ్ళు ఒళ్ళు దగ్గరపెట్టుకుని ఉంటారు."

రిటైరైన బస్సు డ్రైవర్ల సంఘం లాటరీలో వచ్చిందట ఈ ప్రయాణం. స్తమాతిస్‌కి పుట్టి బుద్ధెరిగాక లాటరీలో వచ్చింది ఒక కూజా. అదీ ఇంటికొచ్చేసరికి పగిలింది. అలాంటిది ఇప్పుడేకంగా ఓడ! మికొనోస్ చూసి, తుర్కుల రేవు కుషాదాసీలో దిగి, పాత్మోస్ మీదుగా వెనక్కి రావడం.

"తుర్కుల రేవా?" కలియోపి గుండెమీద చెయ్యి వేసుకుంది. "మా అమ్మమ్మ ఆ ఒడ్డునే ఉన్న స్మిర్నాలో ఇల్లూ కోళ్ళూ వదిలేసి, కట్టుబట్టలతో పడవెక్కి పారిపోయి వచ్చింది. ఆ ఒడ్డుకి మనం నవ్వుకుంటూ వెళ్ళాలా?"

"వెళ్ళి ఆ కోళ్ళ క్షేమం కనుక్కుందాం."

నిజానికి ఆమె చచ్చినా రానని మొండికేసేదే. కానీ ఆ ఓడలోనే వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు ఆర్గిరిస్ వెయిటరు. ఆ సంగతి విన్నాక ఆమె తుర్కుల మాట ఎత్తలేదు.

కొడుకు ఫోన్లో ముందే కచ్చితంగా చెప్పాడు. "అమ్మా, వస్తే రా. కానీ అందరిముందూ నన్ను కొడుకులా చూడకు. ముద్దులు వద్దు, డబ్బాల్లో తిండి వద్దు, దిష్టిపూసలు అసలే వద్దు. ఈ ప్రయాణంలోనే నన్ను హెడ్ వెయిటర్ని చేస్తారంటున్నారు. చెడగొట్టకు."

"నేనెందుకు చెడగొడతానురా!" అంది కలియోపి. ఫోను పెట్టేసి, తన ఓవర్‌కోటు అంచు విప్పి, అందులో ఒక నీలిపూసా, ఒక పిన్నీసూ దాచి కుట్టేసింది. పెద్దపదవి వస్తోందంటే ఎన్ని కళ్ళు పడతాయి! తెల్లకోటు, నల్లజుట్టు, పైగా పెళ్ళికాని పిల్లాడు. పూస లేకుండా వాడు ఇన్నాళ్ళు ప్రాణాలతో ఉండడమే విచిత్రం. ఎలాగైనా వాడి కోటు లోపల ఈ పూస గుచ్చి రావాలి. ఆమెకి ఈ ప్రయాణంలో ఉన్న పని అదొక్కటే.

ఓడ ఎక్కిన సాయంత్రమే భోజనాల హాల్లో కొడుకు కనిపించాడు. కలియోపి మొగుణ్ణి మోచేత్తో పొడిచింది.

"చిక్కి సగమయ్యాడు!" అంది గుసగుసగా.

స్తమాతిస్ తేరిపార చూశాడు. కోటు బొత్తాలు ఊపిరి బిగబట్టుకుని ఉన్నాయి. "ఏ సగం?" అన్నాడు.

వెయిటర్లందరి మీదా ఒక మేనేజరు ఉన్నాడు. పేరు లోంగినోస్. మనిషి సన్నగా, నిటారుగా, ఎక్కడా మడత లేకుండా ఉంటాడు. కలియోపి చూసిన నిమిషంలోనే అతనికి ఇస్త్రీ దొర అని పేరు పెట్టేసింది.

ఆమె పథకం తేలికైంది. ఆర్గిరిస్ సూపు తెస్తాడు. తను పొరపాటున మోచెయ్యి తగిలించి వాడి కోటు మీద పోయిస్తుంది. వాడు కోటు విప్పుతాడు. మరక కడుగుతానని తీసుకెళ్ళి, గుచ్చి తెచ్చేస్తుంది.

సరిగ్గా ఆర్గిరిస్ సూపుగిన్నె పట్టుకుని వంగిన క్షణంలో, ఇస్త్రీ దొర అటువైపు నుంచి వంగి స్తమాతిస్ చెవిలో, "అయ్యా, తమరి టోపీ..." అన్నాడు. కలియోపి మోచెయ్యి అప్పటికే బయలుదేరిపోయింది. నిమ్మరసం, గుడ్డు వేసి చేసిన కోడి సూపు ఇద్దరి మీదా సమానంగా పడింది.

"అయ్యో నా తల్లీ! విప్పండి, విప్పండి! ఆరితే పోదు ఆ మరక!"

"అమ్మా, మాకు లాండ్రీ ఉంది..." అనబోయాడు లోంగినోస్.

"లాండ్రీవాళ్ళకి ఏం తెలుసు? గుడ్డు మరక చన్నీళ్ళతో కడగాలి!"

ఇస్త్రీ దొర జీవితంలో అలాంటి ఆడమనిషి తగల్లేదు. ఏం జరుగుతోందో తెలిసేలోగా చొక్కాతో నిలబడి ఉన్నాడు. పక్కన ఆర్గిరిస్ తల్లిని చూపులతోనే బతిమాలుకుంటున్నాడు.

ఆడవాళ్ళ స్నానాలగదిలో కలియోపి రెండు కోట్లూ పరిచింది. ఒకటి వెడల్పుది, ఒకటి సన్నది. ఆమె ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. తిండిలేక ఎండిపోయిన బిడ్డ కోటు సన్నదే కదా! వెడల్పు కోటు చూసి, 'ఈ ఇస్త్రీ దొర పైకలా ఉంటాడు గానీ బాగానే మింగుతాడు' అనుకుంది. సన్నకోటు చంకకింద అస్తరులో పూస గుచ్చి, మూడుసార్లు థూ థూ థూ అని ఊసి, తృప్తిగా బయటికొచ్చింది.

మికొనోస్ చూసి వచ్చాక ఆ రాత్రి ఆమె ఓడ మునగడం గురించి ఆలోచించకుండా నిద్రపోయింది.

పొద్దున ఫలహారాల వేళ ఇస్త్రీ దొర ఒక ముసలి ఇంగ్లీషు దొరసాని ముందు వంగి కుశలమడుగుతున్నాడు. వెనక ఆర్గిరిస్ కాఫీ పట్టుకుని నిలబడ్డాడు. వంగినవాడు వంగినట్టే "కెవ్వు"మని ఎగిరాడు. ఆ ఎగరడంలో పళ్ళెం తగిలి దొరసాని టోపీలో ఉడకబెట్టిన గుడ్డు పడింది.

చంకలో తడుముకుంటూ వెనక్కి తిరిగాడు. "నన్ను పొడిచింది నువ్వేనా?"

"నేనా సార్?"

"నా వెనక నువ్వు తప్ప ఇంకెవడున్నాడు? హెడ్ వెయిటరు కావలసినవాడివి, ఇవా నీ పరాచికాలు? నా గదికి పద!"

కలియోపి కుర్చీలోంచి లేచింది. ఉద్యోగం పోతుంది. ఓడలోంచి దించేస్తారు. అదీ తుర్కుల రేవులో! దిక్కులేక అక్కడే తిరుగుతూ ఉంటాడు నా తండ్రి!

"స్తమాతిస్, లే! చెప్పేద్దాం!"

"చెప్పేద్దాం కాదు. చెప్పు," అన్నాడు స్తమాతిస్, రొట్టెకి వెన్న రాసుకుంటూ.

గదిలోకి ఆమె తలుపు కూడా తట్టకుండా దూసుకెళ్ళింది. "నేనే బాబూ! నేను వాడి అమ్మని! పూస నాది, పిన్నీసు నాది, పాపం నాది. వాడికేం తెలీదు. కావాలంటే నన్ను దించెయ్యండి!"

అప్పటికే ఇస్త్రీ దొర అస్తరులోంచి పూస తీసి అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు. తర్వాత ఆర్గిరిస్‌ని బయట నిలబడమని, తలుపు దగ్గరగా వేశాడు.

"అమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "గుచ్చేటప్పుడు ఊశారా?"

"మూడుసార్లు."

"అదీ సంగతి! ఈస్టర్ ముందరి లెంట్ ఉపవాసాలు మొదలైనప్పటి నుంచి తలనొప్పి. ఏ డాక్టరుకీ అంతు చిక్కలేదు. నిన్న రాత్రి నుంచి హాయిగా ఉంది."

"ఎవరి కన్నో పడింది బాబూ మీ మీద. ఇంత చక్కగా ఇస్త్రీ చేసుకుని తిరిగితే పడదూ! సరే, అది ఇలా ఇవ్వండి."

అతను పిడికిలి మూశాడు. "ఇవ్వను. మీ అబ్బాయి హెడ్ వెయిటరు కాగితం ఇవాళే సంతకం పెడతాను. పూస మాత్రం అడక్కండి."

అలా కొడుక్కి పదవి వచ్చింది, పూస పోయింది. ఇప్పుడు రెట్టింపు దిష్టి! పైగా ఓడ కుషాదాసీ రేవులో ఆగింది.

ప్రయాణికులంతా ఎఫెసస్ శిథిలాలు చూడ్డానికి బస్సులెక్కారు.

"విరిగిన రాళ్ళు మనకి ఏథెన్స్‌లో చాలటం లేదూ? నాకు పూస కావాలి. బజారుకి పద."

స్తమాతిస్ ఆమెని బజారులోకి నడిపించాడు. అడుగడుక్కీ నీలిపూసల కొట్లే. అతను మాత్రం ఎక్కడా ఆగకుండా, సొంత బస్సు రూట్లో పోతున్నట్టు, మలుపులు తిరిగి ఒక సందులోకి పోయాడు.

"ఇన్ని కొట్లుండగా ఇంతదూరం ఎందుకయ్యా?"

"ఇక్కడ నీడగా ఉంది."

కొట్లో కలియోపి అంత వయసున్న ఆవిడ కూర్చుని ఉంది. అడక్కుండానే స్తమాతిస్‌కి టీ పోసింది. వచ్చీరాని గ్రీకులో, "ఎవరికి పూస?" అంది.

"కొడుక్కి."

"పెళ్ళయిందా?"

"లేదు."

"అయితే ఇంకాస్త పెద్దది చూడు. ఏం చేస్తాడు?"

"ఓడలో పని."

"నీళ్ళ మీదా!" ఆవిడ ఇంకా పెద్ద పూస తీసింది. కలియోపికి ఆమె మీద గౌరవం పుట్టింది. లోకంలో ప్రమాదం ఎంతుందో తెలిసిన మనిషి.

"నాకు కాబోయే అల్లుడూ ఓడలోనే పని చేస్తాడు," అంది ఆవిడ. "పోయినసారి చూస్తే ఏడుపొచ్చింది. ఎముకలగూడు!"

"వాడికి తల్లి లేదా?"

"ఉందట."

"ఉండీ ఏం లాభం? కన్నబిడ్డని అలా గాలికొదిలేసిందా? తల్లేనా అది! నా ముందుంటే నాలుగు పెట్టేదాన్ని!"

స్తమాతిస్‌కి టీ పొరబోయింది.

"అమ్మా," అన్నాడు గుమ్మంలోంచి ఆర్గిరిస్.

ఆడవాళ్ళిద్దరూ ఒకేసారి, "ఏం బాబూ?" అన్నారు.

అతని పక్కన ఒక అమ్మాయి. ఎఫెసస్‌లో గైడు పని చేసే నెర్గిస్. కొట్టు ఆవిడ సబిహా కూతురు. కలియోపి ముగ్గురినీ వరసగా చూసింది, చివర్న టీ గ్లాసులో తలదూర్చబోతున్న మొగుణ్ణి చూసింది.

"లాటరీ?" అంది.

"వాడే టిక్కెట్లు కొన్నాడు. నిజం చెబితే వచ్చేదానివా?"

"రాను!"

"అందుకే."

కలియోపికి పూనకం వచ్చేదే. కానీ ముందు పూస. కొడుకు కాలరు పట్టుకుని దగ్గరికి లాగింది. బొత్తాం విప్పేసరికి బనీను మీద అప్పటికే ఒక నీలిపూస మెరుస్తోంది.

"ఇది ఎవరు..."

"చలికాలం ముందు నేనే గుచ్చాను," అంది సబిహా. "పిల్లాడు మరీ బోసిగా తిరుగుతుంటేనూ."

తను కోటు అంచుల్లో దాచి, సూపు ఒలకబోసి, ఒక దొరని పొడిచి ఇన్ని పాట్లు పడ్డది, ఈవిడెప్పుడో చేసేసింది! కలియోపి ఉక్రోషంగా ఆ పూసని తిప్పి చూసింది. దారానికి మూడు ముడులు, మూడో ముడి వెనక్కి మడిచి ఉంది. అచ్చం తన అమ్మమ్మ వేసే ముడి.

"ఈ ముడి ఎవరు నేర్పారు నీకు?"

"మా అమ్మమ్మ. మీ గ్రీకుల క్రీట్ దీవి నుంచి ఇటు వచ్చింది. ఇల్లూ మేకలూ వదిలేసి, పడవలో."

"మా అమ్మమ్మ స్మిర్నా నుంచి అటు వచ్చింది," అంది కలియోపి మెల్లగా. "కోళ్ళు."

కలియోపి పూసని మళ్ళీ తిప్పి చూసింది. "ముడి సరే. ఈ పిన్నీసు తుప్పుపట్టేలా ఉంది," అని తన కోటుకున్న పిన్నీసుతో మార్చేసింది. సంచిలోంచి ఈస్టర్ తీపిరొట్టె తీసి నెర్గిస్ చేతిలో పెట్టింది. "తిను. నువ్వూ పుల్లలా ఉన్నావు."

ఆర్గిరిస్ అప్పుడు ఊపిరి వదిలాడు. కోటు బొత్తాం ఒకటి తెగి ఎగిరిపోయింది.

సాయంత్రం రేవు దాకా సబిహా చెంబుతో వచ్చింది. వెళ్ళేవాళ్ళు క్షేమంగా తిరిగి రావాలని వాళ్ళ వెనక నీళ్ళు పోసింది, అచ్చం కలియోపి అమ్మమ్మ పోసినట్టే. సగం నీళ్ళు స్తమాతిస్ వీపు మీద పడ్డాయి. అతను ఉలిక్కిపడి గెంతడంతో టోపీ జారి బోర్లా పడింది.

టోపీ లోపల నీలిపూస. మూడు ముడులు.

కలియోపి దాన్ని తీసి పట్టుకుంది. ఆమె బుర్రలో లెక్కలు ఒక్కొక్కటే తేలాయి. "చలికాలం ముందు నువ్వు వోలోస్ వెళ్ళావు. నీ స్నేహితుడు లెఫ్తెరిస్ చచ్చిపోయాడని, అంత్యక్రియలకని."

స్తమాతిస్ సముద్రం వైపు చూశాడు. "పిల్లని చూసి రమ్మన్నాడు మన ఆర్గిరిస్."

"నేను గోధుమలు ఉడకబెట్టి పంచానయ్యా వాడి పేరుమీద! అప్పటి నుంచి ప్రతి శనివారం వాడి ఆత్మకి కొవ్వొత్తి వెలిగిస్తున్నాను!"

"ఆ కొవ్వొత్తుల మహిమేనేమో, నిన్ననే ఫోన్ చేశాడు. మోకాళ్ళనొప్పి మాయమైందట, ఆకలి బాగా వేస్తోందట, జన్మలో ఇంత ఆరోగ్యంగా లేడట."

కలియోపి అదిరిపడి మొగుడి నోరు మూసింది.

"అలా పైకి అనకు!" అని వోలోస్ ఉన్న దిక్కుకి తిరిగి, థూ థూ థూ అని ఊసింది.