నల్లసూటుతో నదిలోకి

బుధవారం పొద్దున్న నెగిషి వేసుకున్న పథకం చాలా చిన్నది. మేనత్త అంత్యక్రియలకని ఇంట్లోంచి బయలుదేరాలి, తొనె నది ఒడ్డుకు పోవాలి, చీకటి పడేలోగా ఒక్క చేపను పట్టాలి. మేనత్త ఉమెనో అప్పటికి శుభ్రంగా బతికే ఉంది. బతికి ఉండటమే కాదు, ఎనభయ్యో ఏట కొత్తగా హవాయి నాట్యం నేర్చుకుంటోంది.

నెగిషి సోయా సాస్ ఫ్యాక్టరీలో సరుకు పంపే సెక్షన్లో గుమాస్తా. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరేం చెప్పినా గంగిరెద్దులా తలూపడమే తప్ప, కుదరదు అన్న మాట అతని నోట ఆఫీసులో గానీ ఇంట్లో గానీ ఎవరూ విని ఎరగరు. ఇలాంటి వాళ్ళను చూస్తే నాకు జాలి కన్నా ఒళ్ళుమంట ఎక్కువ. సెలవు కావాలని అడిగే ధైర్యం లేక మేనత్తను చంపే ధైర్యం చేశాడు. తాతలూ బామ్మలూ ఎప్పుడో నిజంగానే పోయారు గనుక, వాడుకోవడానికి ఆవిడొక్కతే మిగిలింది.

అంత అవసరం ఏమొచ్చిందంటే, తొనెలో ఒక నల్లచేప ఉంటుంది. బంగారుతీగకు పెదనాన్న వరస. నిలబెడితే మనిషంత ఉంటుంది, గాలానికి చిక్కితే మాత్రం మనిషి కన్నా మొండిది. దాని కోసం ఒడ్డున కాపు కాసేవాళ్ళదొక తెగ. వాళ్ళకు ఒకటే కట్టుబాటు: గాలం కర్ర మీద రెండో మనిషి చెయ్యి పడిందా, ఆ చేప నీది కాదు. నెగిషి ఏడేళ్ళుగా కాపు కాస్తున్నాడు. ఒక్కటీ పడలేదు. ఎర కోసం నత్తలను స్నానాల గదిలో బకెట్లో పెంచడంతో భార్య కజుయే ఓపిక నశించింది.

"ఈ వానలు వెళ్ళేలోగా ఒక్క చేపను పట్టి చూపించు. లేదంటే ఈ కర్రలన్నీ మా తమ్ముడికి ఇచ్చేస్తాను. సరేనా?" అంది.

"సరే," అన్నాడు నెగిషి. అతనికి ఇంకో మాట రాదు కదా. ఆ మాట అన్న రాత్రి నుంచి కంటి మీద కునుకు లేదు. ఇంతలో వానలు వెనకపట్టాయి, నది తగ్గుముఖం పట్టింది. చేపలు మేతకు వచ్చే అదను అదే, ఆఖరిది కూడా అదే.

కంపెనీ క్వార్టర్లలో ఎదురిల్లు సెక్షన్ చీఫ్ ఉసుయి గారిది. ఆయన రోజూ పొద్దున్నే వాకిట్లో పూలకుండీలకు నీళ్ళు పోస్తాడు. అందుకని నెగిషి నల్లసూటు, నల్లటై, చేతిలో జపమాలతో సహా పూర్తి చావు వేషంలో బయటికి రావలసి వచ్చింది. కజుయే తెల్లవారకముందే భోజనం డబ్బాలు కట్టే దుకాణంలో పనికి పోతుంది కాబట్టి ఆ వేషం ఆవిడ కంట పడలేదు.

"పాపం, పెద్దావిడ ఎలా పోయిందోయ్?" అని అడిగాడు ఉసుయి గారు.

"నిద్రలోనే సార్."

"అదృష్టవంతురాలు. మన సెక్షన్ తరఫున చెయ్యాల్సింది చేస్తాంలే. నువ్వు దిగులు పెట్టుకోకు."

"సరే సార్," అని తలూపి కారెక్కాడు నెగిషి. చెయ్యాల్సింది ఏమిటని ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

నది దగ్గర కారు డిక్కీ తెరిస్తే కర్రలున్నాయి, నత్తలున్నాయి, మార్చుకోవలసిన బట్టల సంచీ లేదు. నత్తల కంపు భరించలేక కజుయే దాన్ని ఉతకడానికి తీసేసింది. వెనక్కి వెళ్దామంటే వాకిట్లో ఉసుయి గారు ఉంటాడు. చేపకు నా సూటుతో ఏం పని అనుకుని, నల్లసూటుతోనే గాలం వేసి, ఉప్పులో ఊరిన కాయ పెట్టిన అన్నం ముద్ద తింటూ కూర్చున్నాడు.

ముద్ద సగంలో ఉండగా కర్రకు కట్టిన గంట మోగింది. రీలు గిర్రున తిరిగి కీచుమంది. చేప తిన్నగా పాత రేవు గుంజల వైపు పరుగు తీసింది. ఆ గుంజలకు దారం చుట్టుకుందంటే ఇక అంతే సంగతులు, నీళ్ళలో దిగి పక్కకు లాగక తప్పదు. కానీ కాళ్ళకున్నవి ఉన్న ఒక్క జత మంచి బూట్లు. ఒక చేత్తో కర్ర పట్టుకుని, రెండో చేత్తో బూట్లు విప్పి, పుట్టినప్పటి నుంచి గుమ్మం దగ్గర అలవాటైన చెయ్యి కదా, మడమలు కలిపి నీటి అంచున వరసగా పెట్టాడు. తడవకుండా ఫోనూ గడియారమూ జపమాలా వాటి పక్కన ఉంచాడు. మా దేశంలో నీటి అంచున బూట్లు అలా వరసగా కనిపిస్తే చూసినవాళ్ళకు ఒకటే అర్థం, ఎవరో ప్రాణం తీసుకోవడానికి దిగారని. నెగిషికి ఆ సంగతి తట్టనేలేదు, అతని మనసంతా గుంజల మీద ఉంది.

కట్ట మీద సైకిల్ మీద పోతున్న ఉల్లికాడలు అమ్ముకునే ఒక ఆవిడకు ముందు బూట్లు కనిపించాయి, తర్వాత నడుం లోతు నీళ్ళలో నల్లసూటు వీపు కనిపించింది. కర్రను నీటిలోకి వంచి పట్టుకున్నాడు కాబట్టి రెల్లు చాటున అదొక్కటే కనిపించలేదు.

"అయ్యా, ఆగండి. తొందరపడకండి," అంటూ ఆవిడ సైకిల్ పడేసి దిగింది.

"దగ్గరికి రాకండి," అన్నాడు నెగిషి వెనక్కి తిరగకుండానే. "ఏడేళ్ళుగా ఈ రోజు కోసమే చూస్తున్నాను."

"ఇంట్లోవాళ్ళను తలచుకోండయ్యా."

"తలచుకునే దిగాను. ఇవాళ తాడో పేడో తేలిపోవాలి."

ఆవిడ బూట్ల దాకా పరుగెత్తింది. ఆ సమయానికే బూట్ల పక్కన ఫోను మోగింది. తీస్తే ఉసుయి గారు. కంపెనీ రికార్డులో ఉన్న మేనత్త చిరునామాకు సెక్షన్ తరఫున పూలచక్రం పంపించామని చెప్పడానికి చేశాడు. "ఆ నల్లసూటాయన నదిలోకి దిగిపోతున్నాడండీ, ఎంత చెప్పినా వినడం లేదు," అంది ఆవిడ.

ఉసుయి గారు చోటు ఎక్కడో అడిగి ఫోను పెట్టేశాడు. లేబుళ్ళు తలకిందులుగా అంటించాడని ముందురోజే నెగిషిని అందరి ముందూ కడిగేశాడు. అటు మేనత్త పోయే, ఇటు నా తిట్లు, ఉసురు నాకే తగులుతుందని అనుకుని, సెక్షన్ మొత్తాన్నీ సరుకుల వ్యాన్లో ఎక్కించుకుని, దారిలో కానిస్టేబుల్‌ని కూడా వేసుకుని నది దగ్గరికి వచ్చి పడ్డాడు.

రెల్లు తప్పించి చూడగానే కానిస్టేబుల్‌కు అనుమానం వచ్చింది. "సార్, చేతిలో గాలం కర్ర ఉంది. ఈయన చేపలు పడుతున్నట్టుంది."

"మేనత్త పోయిన రోజున చావు సూటు వేసుకుని చేపలు పట్టేవాడు ఉంటాడటయ్యా?" అన్నాడు ఉసుయి గారు. "దుఃఖంతో మతి చలించింది. నువ్వు మాట్లాడకు, నేను చూసుకుంటాను."

ఆయన ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగాడు. నెగిషి వెనక నిలబడి, చంటిపిల్లాణ్ణి బుజ్జగించినట్టు, "నాయనా, ఆ కర్ర వదిలెయ్, ఒడ్డుకు వెళ్దాం," అన్నాడు.

నెగిషి తల అలవాటు కొద్దీ ఊగబోయింది. అదే క్షణంలో చేప ఒక్క గుంజు గుంజింది. ఊగబోయిన తల ఆగిపోయింది.

"వదలను," అన్నాడు.

"ఏమన్నావు?"

"వదలను సార్. లేబుళ్ళు తలకిందులుగా అంటించింది నేను కాదు, మీ బావమరిది. గిడ్డంగి తాళాలు పారేసింది కూడా అతనే. కొత్త సంవత్సరం విందులో మీరు పాడింది ఏమీ బాగాలేదు. మేమంతా చప్పట్లు కొట్టింది ఆపేస్తారని."

ఒడ్డున సెక్షన్ అంతా నేల చూపులు చూసింది. పిచ్చివాడితో వాదించకూడదని ఉసుయి గారు ఎక్కడో విన్నాడు. "ఔను నాయనా, బాగాలేదు," అని ఒప్పుకున్నాడు. ఈలోగా చేప లాగిన లాగుకు నెగిషి రొమ్ము లోతుకు జారాడు. ఉసుయి గారు అతని బెల్టు దొరకబుచ్చుకున్నాడు, కానిస్టేబుల్ ఉసుయి గారి నడుం పట్టుకున్నాడు, వెనక సెక్షన్ అంతా గొలుసు కట్టింది.

"నన్ను పట్టుకోండి, ఫర్వాలేదు. కర్ర ముట్టుకుంటే మాత్రం ఊరుకోను," అన్నాడు నెగిషి. చేప గుంజల నుంచి ఒక్కో బార పక్కకు వస్తోంది. చేతులు పట్టేస్తున్నాయి, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, అయినా ఆ మనిషి ముఖంలో అంత వెలుగు ఎవరూ ఏనాడూ చూడలేదు. చెప్పొద్దూ, ఆ ఘడియలో అతని మీద నా ఒళ్ళుమంట కూడా చల్లారింది.

అప్పుడు కట్ట మీద టాక్సీ ఆగింది. దారిలో ఉసుయి గారు చేసిన ఫోను అందుకుని వచ్చిన కజుయే దిగింది. ఆవిడ వెనక పూలచక్రాన్ని చంకన పెట్టుకుని ఎర్రపూల గౌనులో ఒక ముసలావిడ దిగింది.

"ఇది పంపిందెవరు?" అని గట్టిగా అడిగింది. "పూలవాడు నా గుమ్మంలో నిలబడి నాకే సానుభూతి చెప్పి పోయాడు. సంగతేమిటని కజుయే దుకాణానికి వెళ్తే ఇక్కడికి పట్టుకొచ్చింది."

"మేమేనమ్మా, నెగిషి మేనత్త గారు పోయారని," అన్నాడు ఉసుయి గారు మెడ తిప్పి. "మీరు ఎవరు?"

"పోయిన మేనత్తను."

ఉసుయి గారి నోరు తెరుచుకుంది, దాంతోపాటు పిడికిలి కూడా. పట్టు తప్పిన నెగిషి బోర్లా నీళ్ళలో పడ్డాడు. చేతిలోంచి జారిన కర్ర నీటి మీద నదిలోకి దూసుకుపోతుంటే, వెనక ఉన్న ఉసుయి గారు ఎందుకో ఏమిటో ఆలోచించకుండా ముందుకు దూకి రెండు చేతులతో దాన్ని పట్టుకున్నాడు.

నెగిషి నీళ్ళు ఉమ్ముతూ లేచాడు. "కర్ర ఇవ్వండి సార్."

ఉసుయి గారు వినలేదు. కర్ర విల్లులా వంగింది. అవతల ఉన్న మొండిఘటం ఆయన భుజాలను ఊడబెరుకుతోంది. ముప్ఫై ఏళ్ళుగా సంతకాలు తప్ప మరేదీ చేయని చేతులవి.

"సార్, వదలండి."

"వదలను."

ఇక చేసేదేముంది. "అయితే బ్రేకు వదులు చెయ్యండి. దారం తెగుతుంది. ఎడమకు తిరగండి, ఎడమంటే ఇటు," అని కేకలేస్తూ నెగిషి పక్కనే నిలబడ్డాడు. చివరికి చేప లోతు తక్కువ నీటిలోకి వచ్చి ఒత్తిగిలింది. అరచేతంత పొలుసులు, నల్లటి వీపు, మేనత్త ఉమెనో కన్నా జానెడు పొడవు.

"నువ్వే పట్టావయ్యా," అన్నాడు ఉసుయి గారు రొప్పుతూ. "ఇక్కడెవరూ ఏమీ చూడలేదు." సెక్షన్ అంతా తలూపింది. కానిస్టేబుల్ కూడా ఊపాడు.

నెగిషి ఊపలేదు. ఏడేళ్ళు ఎదురుచూసిన చేపను రెండు చేతులా నిమిరాడు. "నాది కాదు సార్, మీ చెయ్యి పడింది," అని గాలం తీసి నీళ్ళలోకి వదిలేశాడు. అది తోకతో అతని ముఖం మీద నీళ్ళు కొట్టి పోయింది.

కజుయే ముందుకొచ్చింది. "అయితే మాట ప్రకారం కర్రలు మా తమ్ముడివి."

"ఇవ్వను," అన్నాడు నెగిషి.

"సరే అన్నావుగా?"

"అప్పుడు అన్నాను, ఇప్పుడు అనడం లేదు. దాన్ని నా చేత్తో పట్టేదాకా కర్రలు ఇంట్లోనే ఉంటాయి. నత్తలు కూడా."

కజుయే తడిసి ముద్దయిన మొగుణ్ణి, ఇంతకు ముందెప్పుడూ చూడనట్టు, కింది నుంచి పైదాకా చూసింది. "నత్తలు మాత్రం వసారాలో," అంది. "ఆ సూటు నువ్వే ఉతుక్కో."

ఉసుయి గారు వణుకుతూ ఒడ్డెక్కి, "నెగిషీ, రేపు పొద్దున్నే నా గదికి రా," అని వ్యాన్ ఎక్కాడు. నెగిషి ఉద్యోగం పోయినట్టేనని సెక్షన్ అంతా ఆ రాత్రే తేల్చేసింది. నెగిషి కూడా అదే అనుకున్నాడు, అయినా తల దించకుండానే లోపలికి వెళ్ళాడు.

ఉసుయి గారు తలుపు వేశాడు. బొబ్బలెక్కిన చేతులకు రెండింటికీ గుడ్డపీలికలు చుట్టుకుని ఉన్నాడు. కాసేపు కిటికీ బయటికి చూసి, గొంతు తగ్గించి, "ఆ రీలు బ్రేకు ఎంత వదులు చెయ్యాలోయ్? మళ్ళీ ఎప్పుడు వెళ్తున్నాం?" అని అడిగాడు.

మునిగిపోతున్నాడని అందరూ పరుగెత్తింది నెగిషి కోసమే గానీ, ఆ రోజు తొనెలో నిజంగా మునిగింది ఉసుయి గారు.