ఇంజినీరుగారి కొయ్య కొంగలు

ఇంజినీరుగారు రోజూ పొద్దున్నే చచ్చిన కొంగల్ని గోనెసంచిలో వేసి కారులో ఎక్కడికో తీసుకుపోతున్నాడని పక్కింటావిడ ఎదురింటావిడతో అందట. ఎదురింటావిడ దానికి తనవంతు ఉప్పూకారం చేర్చి, హోటళ్లకు అమ్ముతున్నాడని పై వీధికి చేరవేసిందట. భార్య ఈ సంగతి చెబుతుంటే ఇంజినీరు పళ్లు తోముకుంటూనే నవ్వాడు. నవ్వు ఇంకా పూర్తికాలేదు, గుమ్మంలో అటవీశాఖ గార్డు నిలబడి ఉన్నాడు.

నిజానికి అవి కొయ్య కొంగలు. ఊరి చెరువును బాగుచేయడానికి ఇంజినీరు గీసిన నమూనాలో దక్షిణపు సగం జనానికి: పడవలు, మెట్లు, నడకదారి. ఉత్తరపు సగం పిట్టలకు: రెల్లు, బురద, మనిషి అలికిడి లేని నీళ్లు. రెల్లు ఏపుగా పెరిగింది గానీ కొంగ ఒక్కటీ వాలలేదు. కొత్త చోటంటే వాటికి అనుమానం. తోటివి నిలబడి కనిపిస్తేనే ధైర్యం చేసి దిగుతాయి. అందుకని మొగుడూ పెళ్లాలిద్దరూ భోజనాల బల్ల మీద కొయ్య కొంగలకు తెల్లరంగు వేశారు. ఆయన వాటిని కొన్నికొన్నిగా తీసుకెళ్లి రెల్లులో పాతాడు.

ఈ పూట చెరువు చూడడానికి మున్సిపాలిటీ కమిటీ వస్తుంది. పిట్టలుంటే ఆ సగం పిట్టలది. లేకపోతే రెల్లు కొట్టించి అక్కడా పడవలే తిప్పాలని పడవల కాంట్రాక్టరు కమిటీ చైర్మన్‌గారి చేత అనిపించాడు. కొయ్యవి కమిటీ కంటపడితే మోసమంటారు. అందుకే వాళ్లు వచ్చేలోపు వెళ్లి పీకేయాలని ఇంజినీరు తొందర.

గార్డు సంచి విప్పించాడు. అందులో మిగిలిన కొయ్య కొంగను తిరగేసి, ముక్కు గోకి, వాసన చూసి, మరి చచ్చినవి ఎక్కడ దాచారని అడిగాడు. లేవంటే నమ్మడు. ఫ్రిజ్ తెరిచాడు, అటక ఎక్కాడు. ఇది ఇప్పట్లో తెమిలేది కాదని భార్య వంటింట్లోంచి తమ్ముడికి ఫోన్ చేసి, వెంటనే పోయి చెరువులో కొయ్య కొంగల్ని తీసేయమంది.

"కొయ్యవేవో ఎలా తెలుస్తుందక్కా?"

"కదలనివి కొయ్యవి."

"కొంగ కదలదు గదక్కా. అదే దాని ఉద్యోగం."

"నువ్వూ కదలవు. అయినా నిన్ను మనిషివని గుర్తుపట్టడం లేదూ? పో."

తమ్ముడు తిన్నగా కాంట్రాక్టరు దగ్గరికే వెళ్లి, కొయ్య కొంగల్ని పీకాలి, కాస్త పడవ ఇప్పించమన్నాడు. కాంట్రాక్టరు పడవ ఇవ్వలేదు గానీ కుర్చీ వేసి సంగతంతా రాబట్టాడు. తమ్ముడు ప్యాంటు మడిచి బురదలో దిగాడో లేదో, చైర్మన్‌గారికి ఫోన్ వెళ్లింది.

ఇంజినీరు గార్డును వెంటబెట్టుకునే చెరువుకు చేరాడు. అప్పటికే కమిటీ గట్టు మీద ఉంది. బావమరిది జాడ లేదు, ఫోన్ మోగడం లేదు. రెల్లులో మాత్రం తెల్లటి కొంగలు బారులు తీరి ఉన్నాయి.

"చూడండి సార్, ఒక్కటైనా కదులుతోందా? అన్నీ కొయ్యవే," అన్నాడు కాంట్రాక్టరు.

చైర్మన్‌గారు ఇంజినీరు వైపు తిరిగారు. తాను పాతినవాటికంటే ఎక్కువే కనిపిస్తున్నాయి ఇంజినీరుకు. భయానికి ఒకటి రెండుగా కనిపిస్తోందనుకున్నాడు. అబద్ధమాడడానికి నోరు రాలేదు.

"కొయ్యవేనండీ. నేనే పెట్టాను. పిట్టల్ని నమ్మించడానికే గానీ, మిమ్మల్ని కాదు."

చైర్మన్‌గారు నిట్టూర్చి, అయితే రెల్లు కొట్టించక తప్పదన్నారు. ఏడాది కష్టం అక్కడే నీళ్లలో కలిసిందని ఇంజినీరు తల దించుకున్నాడు. సరిగ్గా అప్పుడే నడుందాకా బురదతో, భుజాన సంచితో బావమరిది గట్టెక్కాడు.

"నేను దిగితే ఎగరనివన్నీ ఒక్కటి మిగల్చకుండా పీక్కొచ్చాను బావా. ఫోన్ బురదలో పోయింది. చెరువు చుట్టూ తిరిగొచ్చేసరికి ఇంత సేపైంది."

సంచి బోర్లించాడు. కొయ్య కొంగలు గలగలమంటూ రాలాయి. అందరూ వాటివైపు చూశారు, రెల్లు వైపు చూశారు, మళ్లీ వాటివైపు చూశారు. కాంట్రాక్టరుకు మాత్రం నమ్మకం కుదరలేదు. రాయి తీసి రెల్లులోకి విసిరాడు.

మంద మొత్తం ఒక్కసారిగా లేచింది. ఆకాశంలో ఒక చుట్టు తిరిగి, తిన్నగా వచ్చి కాంట్రాక్టరు కొత్తగా ఎర్రరంగు వేయించిన పడవల మీద వాలింది. వాలినవి ఊరికే కూర్చోలేదు. చూస్తుండగానే ఎర్ర పడవలు తెల్లబడ్డాయి. కాంట్రాక్టరు పరుగెత్తి జేబురుమాలు ఊపితే, ఈ పడవ మీదివి ఆ పడవ మీదికి మారాయి.

"ఇదెక్కడి ఖర్మ సార్? ఇంత చెరువుంటే, వీటికి నా పడవలే దొరికాయా?"

చైర్మన్‌గారు కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నారు.

"రెల్లు కొట్టేయమంటివి. మరెక్కడ కూర్చోమంటావయ్యా?"