రెండు పారాచూట్ల రాకెట్

ఆ శనివారం ఉదయం లిఫ్టుల ఇన్‌స్పెక్టరుగారు పెట్టుకున్న పని ఒక్కటే. దుకాణానికి వెళ్ళి, చిన్న రాకెట్ కిట్ ఒకటి కొని, భోజనం వేళకి ఇంటికి రావాలి. ఇంత తేలిక పనికి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, రెండుసార్లు తల దువ్వుకున్నాడు. వంటింట్లోంచి చూసిన భార్యకు నవ్వొచ్చింది గానీ, కారణం తెలుసు కనుక ఆపుకుంది.

ఆ ఇంట్లో పన్నెండేళ్ళ అమ్మాయి ఒకతి ఉంది. భార్యకు మొదటి పెళ్ళి నాటి కూతురు. తండ్రి పోయిన చాలా ఏళ్ళకి తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆ పిల్ల ఏడవలేదు, అలగలేదు, అన్నం మానలేదు. వచ్చిన మనిషిని ఏమని పిలవాలో మాత్రం తేల్చుకోలేకపోయింది. అందుకని అసలు పిలవడమే మానుకుంది. "అమ్మ భోజనానికి రమ్మంటోంది" అని తలుపుకి చెప్పేది. "ఫోన్ మోగుతోంది" అని కిటికీకి చెప్పేది. తలుపూ కిటికీ ఎలాగూ కదలవు కాబట్టి ఆయనే కదిలేవాడు.

ఆయన ఆ ఇంటికి వచ్చి ఏడాది కావస్తోంది. ఇంతవరకు ఆ పిల్ల ఆయన్ని ఒక పెన్సిలు కూడా అడగలేదు. చూసేవాళ్ళకి అది బుద్ధిమంతురాలి లక్షణంలా కనిపిస్తుంది. కానీ మనం హక్కున్న చోటే అడుగుతాం, లేని చోట సర్దుకుంటాం. ఆ పిల్ల సొంత ఇంట్లోనే తనవల్ల సర్దుకుంటోందన్న సంగతి ఆయనకు రోజూ ముద్ద దిగేటప్పుడు అడ్డం పడుతూనే ఉండేది.

అలాంటి పిల్ల ముందురోజు సాయంత్రం ఆయన కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడింది. తలుపుకేసి కాదు, ఆయనకేసే చూసింది.

"రాకెట్ కిట్ ఒకటి కావాలి. నిజంగా ఎగిరేది. మొదటిసారి చేసేవాళ్ళకి తేలిగ్గా ఉండాలి. ఎల్లుండి కాదు, పై ఆదివారానికి."

"అలాగే" అన్నాడాయన, కుర్చీలోంచి సగం లేచి.

"పెద్దది వద్దు" అంది, వెళ్ళిపోతూ.

ఆదివారం ఏముందో అడగాలని ఆయనకు నోటిదాకా వచ్చింది. కానీ మరో ప్రశ్న వేస్తే ఎక్కడ "పోనీలెండి" అనేస్తుందో అని భయపడి మింగేశాడు. జరగబోయేదంతా ఆ మింగిన ప్రశ్నతోనే మొదలైంది.

బొమ్మ విమానాలు, బొమ్మ రైళ్ళు అమ్మే ఆ దుకాణం యజమాని ఓపికమంతుడు. "ఎవరికండీ?" అని అడిగాడు.

"మా అమ్మాయికి" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఇంట్లో ఎవరి ముందూ అనలేని ఆ మాట బయట అనేసరికి బాగుందనిపించింది. "మా అమ్మాయి అడిగింది" అని ఇంకోసారి అన్నాడు.

యజమాని సన్నటి పెట్టె ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. లోపల అట్ట గొట్టం, ప్లాస్టిక్ ముక్కు, ముందే అమర్చిన రెక్కలు, రుమాలంత పారాచూట్ ఉన్నాయి. "కొత్తవాళ్ళకి ఇంతకంటే మంచిది లేదండీ. జిగురు పని దాదాపు లేదు. మోటారు చిన్నది కాబట్టి మరీ ఎత్తు పోదు, వదిలిన మైదానంలోనే దిగుతుంది. వెళ్ళి తెచ్చుకుని మళ్ళీ ఎగరేసుకోవచ్చు."

ఇన్‌స్పెక్టరు ఆ పారాచూట్‌ని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "ఇది తెరుచుకోకపోతే?"

"తెరుచుకుంటుందండీ."

"తెరుచుకోకపోతే?"

"ఇంత తేలికైన వస్తువు కదండీ, దూరంగా నిలబడితే ఎవరికీ ఏమీ కాదు."

ఇక్కడ ఇన్‌స్పెక్టరు గురించి ఒక మాట చెప్పాలి. పైకి వెళ్ళినదాన్ని క్షేమంగా కిందికి దించడమే ఆయన బతుకంతా చేసిన పని. లిఫ్టు తాడు ఒకటి తెగితే ఇంకొకటి ఉంటుంది. అన్నీ తెగితే బ్రేకు పట్టుకుంటుంది. బ్రేకు కూడా పట్టకపోతే అడుగున గుంతలో స్ప్రింగులుంటాయి. దేనికైనా మారుగా ఇంకొకటి లేకపోతే ఆయనకు నిద్ర పట్టదు. అటువంటి మనిషి చేతికి ఒకే ఒక్క పారాచూట్ ఇచ్చి, అదీ ఆ పిల్లకోసం కొనమంటే ఏమవుతుంది?

"రెండు పారాచూట్లున్నది లేదా?" అని అడిగాడు.

ఉంది. పై అరలో, నిచ్చెన వేసి తీయాల్సినంత ఎత్తులో ఉంది. యజమాని దించలేక దించాడు. "ఇది చేయి తిరిగినవాళ్ళు చేసుకునేదండీ. రెక్కలు కోసుకోవాలి, అతికించుకోవాలి. బరువు ఎక్కువ, దానికి తగ్గట్టు మోటారూ పెద్దదే. మీకు అనుభవం ఉందా?"

"ఎత్తులతో పాతికేళ్ళ అనుభవం" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

యజమాని బిల్లు రాశాడు.

పెట్టె ఇంటికి వచ్చింది. అమ్మాయి దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. "పెద్దది" అంది.

"రెండు పారాచూట్లు" అన్నాడాయన.

అమ్మాయి ముఖంలో వెలుగు తగ్గింది. ఏదో చెప్పబోయి, మానుకుని, తన గదిలోకి వెళ్ళిపోయింది. పెట్టె చూసి జడుసుకుందనుకున్నాడు ఇన్‌స్పెక్టరు. పాపం, చిన్న పిల్ల, మొదటిసారి, ఇన్ని ముక్కలు చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. అయితే కష్టమైన భాగమంతా తానే చేసిపెట్టాలి. చివర్లో బటన్ ఒక్కటి ఆ పిల్ల నొక్కితే చాలు.

ఆ వారమంతా భోజనాల బల్ల ఆయన స్వాధీనంలో ఉంది. ఆఫీసు నుంచి రాగానే చొక్కా చేతులు మడిచి కూర్చునేవాడు. పెట్టెలో వచ్చిన కాగితంలో జిగురు ఒక చుక్క అని ఉంటే ఆయన నాలుగు చుక్కలు వేశాడు. ఒక రెక్క గొట్టానికి అతుక్కోవడానికి ముందు బల్లకి అతుక్కుపోయింది. దాన్ని ఊడదీస్తే బల్ల మీద పాలిష్ కూడా దానితోపాటు వచ్చింది. ఆసుపత్రి డ్యూటీ నుంచి అలిసి వచ్చిన భార్య కంచం ఒళ్ళో పెట్టుకుని తింటూ అంది.

"ఆ పిల్ల అడిగింది చిన్న కిట్ కదండీ. మీరేమో ఇల్లు పీకి పందిరేస్తున్నారు."

"ఊడిపోతే ఎవరిది బాధ్యత?"

"అసలు తనని కూర్చోబెట్టుకోవచ్చు కదా?"

"ముందే భయపడి ఉంది. నేను చూసుకుంటాలే."

మర్నాడు అమ్మాయి గుమ్మంలో నిలబడి బల్లకేసి చాలాసేపు చూసింది. "జిగురు అంత అక్కర్లేదు. బరువెక్కుతుంది" అంది, తలుపుతో.

"నువ్వేం కంగారుపడకు" అన్నాడు ఇన్‌స్పెక్టరు ప్రేమగా, ఇంకో చుక్క వేస్తూ.

ఆ పిల్ల దగ్గరికి రావడానికి వేసిన ప్రతి అడుగునూ ఆయన తన మంచితనంతోనే వెనక్కి పంపిస్తున్నాడు. ఇలాంటి మంచితనంతో పేచీ ఏమిటంటే, దాన్ని తిట్టడానికి ఎవరికీ నోరు రాదు.

అంత జిగురు మోసుకుపోవడానికి పెట్టెలోని మోటారు చాలదేమోనని అనుమానం వచ్చి, దానికంటే పెద్దది కొనుక్కొచ్చాడు. అంత పెద్ద మోటారు పెట్టాక అది ఎంత ఎత్తు పోతుందోనని ఇంకో అనుమానం వచ్చింది. ఆ అనుమానం తీర్చుకోవడానికి మెకానిక్కుని పిలిచాడు. ఆఫీసులో అందరూ బ్రేకు అని పిలిచే ఆ మెకానిక్కు, ఇన్‌స్పెక్టరుకి పాత స్నేహితుడు. ఏ యంత్రం ముందు నిలబెట్టినా, అది నడవడం గురించి కాక ఆగడం గురించే అడిగే మనిషి. రాకెట్ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"పైకి పోతుంది సరే. ఎక్కువ పోతే ఆపేదెలా?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈ దేశంలోనే కాదు, ఏ దేశంలోనైనా రాకెట్లు చేసేవాళ్ళకి రాని ఆలోచన ఇద్దరు లిఫ్టు మనుషులకి ఒకేసారి వచ్చింది. గట్టి నైలాన్ తాడు తెచ్చి, ఒక కొన రాకెట్ నడుముకి కట్టారు. రెండో కొన ఇనుప మడత కుర్చీకి కట్టాలని తీర్మానించారు. ముందరి కాళ్ళకు బంధం వేయడం అంటారే, అది అక్షరాలా చేశారు.

మర్నాడే శనివారం. ఆదివారం ఏముందో ఏమో, పిల్ల నలుగురిలో నవ్వులపాలు కాకూడదని, ఒకరోజు ముందే పరీక్షించి చూడాలనుకున్నారు. "తనని కూడా తీసుకెళ్ళండి" అంది భార్య. అది అభ్యర్థనలా లేదు. అమ్మాయి పెద్ద పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కారు వెనక సీట్లో కూర్చుంది. ముందు సీట్లో బ్రేకు తాడు చుట్ట పట్టుకుని కూర్చున్నాడు.

మూతపడిన గోడౌను వెనక ఖాళీ మైదానం. కుర్చీ వేసి తాడు కడుతుంటే అమ్మాయి దగ్గరికి వచ్చింది.

"తాడు కట్టకూడదు" అంది, స్పష్టంగా.

"పాపా, మేం ఈ పనిలోనే తల నెరిసినవాళ్ళం" అన్నాడు బ్రేకు.

అమ్మాయి ఇద్దరి ముఖాలూ చూసింది. వాదించి లాభం లేదని తేల్చుకున్నట్టుంది. "అయితే అందరూ ఆ గోడ వెనక్కి రండి. బటన్ తీగ అక్కడిదాకా వస్తుంది" అంది. పిల్ల భయపడుతోందని ఇద్దరూ ఆమె మాట మన్నించి గోడ వెనక్కి నడిచారు. తీగలు సరిగా ఉన్నాయో లేదో చూసింది ఆ పిల్లే. ఆకాశం వంక, గాలి వంక చూసి, అంకెలు వెనక్కి లెక్కపెట్టి, బటన్ నొక్కింది కూడా ఆ పిల్లే. అంత ధైర్యం ఎప్పుడు వచ్చిందా అని ఇన్‌స్పెక్టరు మురిసిపోయాడు.

రాకెట్ బుస్సుమని లేచింది. రెండంతస్తుల ఎత్తు చక్కగా వెళ్ళింది. అక్కడ తాడు అయిపోయింది. కుర్చీ ఒక్క ఎగురు ఎగిరింది. రాకెట్ మెడ తిప్పి, తనని కట్టేసినవాళ్ళెవరో వెతుకుతున్నట్టు కిందికి దిగి, మైదానమంతా అడ్డదిడ్డంగా తిరిగింది. కుర్చీ వెనకే గెంతుతూ వెళ్ళింది. గోడ వెనక బ్రేకు కళ్ళు మూసుకున్నాడు. ఆఖరికి రాకెట్, కుర్చీ కలిసి మైదానం చివరి మురుగు కాలవలో దూకాయి.

బ్రేకు కళ్ళు తెరిచాడు. తర్వాత కాలవలోంచి టప్పుమని చప్పుడైంది. రెండు పారాచూట్లూ బురద మీద ఒకదాని తర్వాత ఒకటి శ్రద్ధగా విచ్చుకున్నాయి.

"పారాచూట్లు మాత్రం పనిచేశాయి" అన్నాడు బ్రేకు. తర్వాత కుర్చీ తీయడానికి వెళ్ళాడు.

ఇన్‌స్పెక్టరు గోడకి ఆనుకుని కూలబడ్డాడు. ఏడాదిలో ఒకే ఒక్కసారి ఆ పిల్ల నోరు తెరిచి అడిగింది. అది కాస్తా మురుగు కాలవ పాలైంది. ఇంకెప్పుడూ ఏదీ అడగదు. ఆయనకు నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నీ రాకెట్ పాడుచేశానమ్మా."

"అది నాకు కాదు" అంది అమ్మాయి.

"మరి?"

"మీకు."

ఆయనకు అర్థం కాలేదు. అమ్మాయి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. నేల మీద పుల్లతో గీతలు గీస్తూ, తలెత్తకుండా చెప్పింది.

"మా స్కూల్లో రాకెట్ క్లబ్ ఉంది. నేను పోయినేడాది నుంచీ వదులుతున్నాను. రేపు ఒక్కొక్కళ్ళం, ఎప్పుడూ చేయనివాళ్ళని ఒకరిని తీసుకెళ్ళాలి. మేమే నేర్పించి, వాళ్ళ చేత వదిలించాలి. అందుకే తేలికైనది తెమ్మన్నా. మీరు వారమంతా నన్ను ముట్టుకోనివ్వలేదు."

పాతికేళ్ళుగా తప్పులు పట్టుకుంటూ వచ్చిన మనిషికి, తన తప్పు ఎక్కడుందో అప్పుడు కనిపించింది. ఆ మొదటిసారి చేసేవాళ్ళెవరో ఒక్క మాట అడిగుంటే సరిపోయేది.

"ఎవరినైనా తీసుకెళ్ళొచ్చా?" అని అడిగాడు మెల్లగా.

"లేదు. ఇంట్లోవాళ్ళనే."

"మరి అమ్మని? అమ్మకి రేపు డ్యూటీ ఉందా?"

"లేదు" అంది అమ్మాయి. పుల్ల ఆగింది. "అమ్మని అడగలేదు."

ఇన్‌స్పెక్టరు ఆ పుల్ల అందుకుని, గీతల పక్కనే చిన్న రాకెట్ గీశాడు. సంతోషం కూడా గొంతుకి అడ్డం పడుతుందని ఆయనకు అంతకుముందు తెలియదు.

కాలవ దగ్గర్నుంచి బ్రేకు కుర్చీ పట్టుకుని వచ్చాడు. దానికి ఒక కాలు వంకర పోయింది. ఏమైందని అడగబోయి, ఇద్దరి వాలకం చూసి, కుర్చీని కారులో పెట్టే పని మీద పడ్డాడు. రాకెట్ ముక్కల కోసం ఇన్‌స్పెక్టరే కాలవలోకి దిగాడు.

మధ్యాహ్నం దుకాణం మూసే వేళకి ఆయనా, అమ్మాయీ అక్కడికి చేరారు. ఇన్‌స్పెక్టరు ప్యాంటుకి మోకాళ్ళ దాకా బురద. ఆయన్ని చూడగానే యజమాని చేయి నిచ్చెన మీదకు వెళ్ళింది.

"పైది కాదు" అంది అమ్మాయి. "కింద అరలోది. రెక్కలు అమర్చి ఉన్నది, చిన్న మోటారుది. పారాచూట్ ఒకటి చాలు."

యజమాని ఆ పెట్టె తీసిచ్చాడు. అమ్మాయి మూత తెరిచి, ముక్కు, గొట్టం, తీగలు ఒక్కొక్కటీ పరీక్షగా చూసింది. పక్కన ఇన్‌స్పెక్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పారాచూట్ తెరుచుకోకపోతే ఏమవుతుందని అడగాలని ఆయన పెదవులు కదిలాయి. అమ్మాయి ఒక్క చూపు చూసింది. పెదవులు ఆగిపోయాయి.

"ఈసారి ఎవరికి పాపా?" అని అడిగాడు యజమాని.

"ఈయనకే."

"ఈయన నీకేమవుతారు?"

ఇన్‌స్పెక్టరు అరలోని బొమ్మ రైళ్ళకేసి తిరిగాడు. అమ్మాయి పెట్టె మూత పెడుతూ, ఒక్క క్షణం ఆలోచించింది.

"మావాళ్ళే" అంది. "కొంచెం భయం ఎక్కువ."

ఆ రెండు మాటల్లో దేన్నీ ఇన్‌స్పెక్టరుగారు ఖండించలేదు.