పసుపు ముక్కోణం

తుమ్మా చినకోటయ్య పురుగుమందుగా మారిన సంగతి మొదట దోమలకు తెలిసింది, తర్వాత వ్యవసాయ కార్యాలయానికి, ఆఖరున ఆయన భార్య ఆదిలక్ష్మికి. దోమలు ఆయన మీద వాలగానే రాలిపోయేవి. ఆదిలక్ష్మి పొద్దున్నే దుప్పటి దులుపుతూ, కొత్త దోమతెర భలే పనిచేస్తోందనుకునేది.

మిరప చేలలో పురుగుల లెక్క తీయడానికి కార్యాలయం వాళ్లు వచ్చినప్పుడు విషయం బయటపడింది. చినకోటయ్య రోజూ నడిచే గట్టుకు ఇరువైపులా మూడేసి సాళ్లలో ఒక్క పేనుబంక పురుగు కూడా లేదు. ఏ మందు కొట్టావని అడిగారు. ఈ నెల ఏదీ కొట్టలేదనీ, ఊరికే నడిచాననీ ఆయన చెప్పాడు. వాళ్లు 'వాడిన మందు' అన్న గడిలో ఆయన పేరు రాసుకుని వెళ్లిపోయారు. అందులో వాళ్లను తప్పు పట్టడానికేం లేదు. గడి ఖాళీగా ఉంటే కాగితం చెల్లదు.

పేరు గడిలోకి ఎక్కాక మిగతావన్నీ వాటంతటవే జరిగాయి. నమోదు కాని మందు చేలో ఉండటం నేరం కనుక, పదిహేను రోజుల్లోగా తనను తాను నమోదు చేయించుకోవాలని ఆయనకు నోటీసు వచ్చింది. చినకోటయ్యకు కోపం రాలేదు, ఆశ్చర్యం కూడా వేయలేదు. ముప్పయ్యొక్క ఏళ్లుగా మందు కొడుతున్నవాడు. డ్రమ్ములో మందు కలపడానికి ఏనాడూ కర్ర వాడలేదు, మోచేతి దాకా చెయ్యి ముంచి తిప్పేవాడు. మందు కలిసిందో లేదో చేతికి తెలిసినట్టు కర్రకు తెలియదని ఆయన వాదన. ఊళ్లో ఎవరి మందైనా సరిగ్గా కలవకపోతే ఆయన్నే పిలుచుకెళ్లేవారు, ఆయన వెళ్లి చెయ్యి పెట్టి వచ్చేవాడు. అది ఆయనకు గొప్పగా ఉండేది. ఇన్నాళ్లకు మందు బాగా కలిసింది, అంతే.

ఆయనకున్న ఇబ్బంది ఒక్కటే. కూతురు సుభాషిణి తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి, నోటీసుకు ముందురోజే ఆడపిల్లను కన్నది. నమోదు కాని మందును పసిపిల్లలున్న గదిలోకి రానివ్వకూడదని నోటీసులోనే ఉంది. అందుకని చినకోటయ్య మనవరాలిని ఇంకా ఎత్తుకోలేదు. ఇరవయ్యొకటో రోజున బారసాల. ఆ రోజు పిల్లను తన చేతులతో ఉయ్యాలలో వెయ్యాలని ఆయన కోరిక. ఆలోగా కాగితాలు చేతికి రావాలి.

మండల కార్యాలయంలో వర్గీకరణ చూసే అధికారి పేరు ఫిలోమినా. ఆమె మంచి మనిషి. ఆ మాట ముందే చెప్పడం మేలు, ఎందుకంటే అధికారులంటే వినేవాళ్లకు ఎటూ అనుమానం ఉంటుంది. ఆమె కుర్చీ మీద ప్లాస్టిక్ పట్టా పరిచి ఆయన్ను కూర్చోబెట్టింది, మంచినీళ్లు తెప్పించింది, గ్లాసును మాత్రం తర్వాత పారేయించింది. మందుల్లో చాలా రకాలున్నాయనీ, ఆయన ఏ రకమో ముందు తేల్చాలనీ వివరించింది. పురుగును చంపేవి వేరు, తెగులును ఆపేవి వేరు, కలుపును మాడ్చేవి, నల్లిని చంపేవి, ఎలుకలకు పెట్టేవి వేరు. ఒకదాని బదులు ఇంకొకటి కొడితే పంటే పోతుంది. చినకోటయ్య నిజమేనన్నాడు. కలుపుమందు కొట్టిన స్ప్రేయరును కడక్కుండా దాంతోనే పురుగుమందు కొట్టి, ఒకసారి అరెకరం మిరప మాడ్చుకున్న అనుభవం ఆయనకుంది.

పరీక్షలు మూడు రోజులు జరిగాయి. కార్యాలయం వెనక తుంగ మొలిచిన చోట ఆయన్ను పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఉత్తికాళ్లతో నిలబెట్టారు. తుంగ చావలేదు సరికదా కాస్త ఏపుగా కనిపించింది. కలుపుమందు కాదని రాశారు. బూజు పట్టిన మిరపకాయల మీద ఊదించారు. బూజు బూజులాగే ఉంది. ఎలుకను పంజరంలో పెట్టి ఆయన పక్కన ఉంచితే అది నిద్రపోయింది. నిద్రను చావు కింద లెక్కించే నిబంధన ఏదీ దొరకలేదు. పేనుబంక, పచ్చదోమ, తెల్లదోమ మాత్రం ఆయన అరచేతి దాకా వచ్చి రాలిపోయాయి. నల్లతామర పురుగు చావలేదు గాని, అది ఏ మందుకూ చావదు కనుక దాన్ని ఆయన లోపంగా రాయలేదు. తేనెటీగలు కూడా చచ్చాయి. అది ఫారం వెనక పేజీలో రాయవలసిన విషయం, అక్కడే రాశారు.

ఇక తాకితే చంపే రకమా, లోపలికి పాకే రకమా అన్నది మిగిలింది. కొన్ని మందులు ఆకు మీదే ఉండిపోతాయి, వాన పడితే కడుక్కుపోతాయి. కొన్నిటిని మొక్క పీల్చుకుంటుంది, అవి రసంతో పాటు చిగురుకీ పువ్వుకీ కాయకీ చేరతాయి. చినకోటయ్యకు సబ్బుతో రెండుసార్లు స్నానం చేయించి గోరు, వెంట్రుక, చెమట, ఉమ్ము వేరువేరుగా పరీక్షకు పంపారు. అన్నిట్లోనూ మందు ఒకే పాళ్లలో తేలింది.

"కోటయ్య గారూ, మీరు లోపలికి పాకే రకం," అంది ఫిలోమినా. "తల నుంచి కాలి దాకా సమానంగా పాకింది. కంపెనీ మందులు కూడా ఇంత సమానంగా పాకవు."

చినకోటయ్యకు లోలోపల సంతోషమే కలిగింది. జీవితంలో ఆయన్ను ఒక అధికారి మెచ్చుకోవడం అదే మొదటిసారి.

రంగు దగ్గర మాత్రం నిరాశ ఎదురైంది. మందు డబ్బా మీద ముక్కోణం గుర్తు ఉంటుంది. అది ఎర్రగా ఉంటే విషం అన్నిటికన్నా ఎక్కువ, దాని తర్వాత పసుపు, ఆపైన నీలం, అన్నిటికన్నా తక్కువైతే ఆకుపచ్చ. ఆయన ఆకుపచ్చ వస్తుందని ఆశపడ్డాడు, వస్తే పిల్ల విషయంలో ఏదైనా సడలింపు ఉంటుందేమోనని. పసుపు వచ్చింది. మార్చే వీలుందా అని అడిగితే, మందు ముట్టుకోకుండా పదేళ్లు ఆగి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చని ఫిలోమినా చెప్పింది. అప్పటికి బారసాలకు ఇంకా పదకొండు రోజులుంది.

చొక్కా జేబు మీద కుట్టుకోవలసిన లేబుల్‌ను ఆయన ఇంటికి తెచ్చాడు. ఆదిలక్ష్మి కళ్లజోడు పెట్టుకుని పైకి చదివింది. పిల్లలకూ ఆహార పదార్థాలకూ దూరంగా, తాళం వేసిన చోట ఉంచవలెను. గాలికి ఎదురుగా వాడరాదు. ప్రత్యేకమైన విరుగుడు లేదు, లక్షణాలను బట్టి చికిత్స చేయవలెను. ఖాళీ అయిన డబ్బాను మళ్లీ వాడరాదు, నీటికి దూరంగా లోతుగా పూడ్చవలెను. ఆ చివరి వాక్యం దగ్గర ఆమె ఆగింది.

"డబ్బా అంటే ఏంటయ్యా?"

"నేనే అయ్యుంటాలే," అన్నాడు చినకోటయ్య.

ఆమె లేచి, స్ప్రేయరు పెట్టుకునే కొట్టంలో సామాను పక్కకు సర్ది మంచం వేసింది. బయట తాళం వేయడానికి మాత్రం ఆమెకు చేతులు రాలేదు. తాళంకప్ప ఆయనే తెచ్చిచ్చాడు, నిబంధన అన్నాక పాటించాలి కదా అన్నాడు.

ఆ తర్వాతి రోజుల్లో ఆయనకు పని ఎక్కువైంది. చుట్టుపక్కల రైతులు వచ్చి, మా చేలో కూడా ఒకసారి నడిచిపో అని బతిమాలేవారు. ఎకరానికి నలభై నిమిషాలు, ఎండ ఎక్కకముందు, గాలి లేనప్పుడు నడవాలని ఫిలోమినా మోతాదు రాసిచ్చింది. ఆయన మోతాదు తప్పకుండా నడిచేవాడు. సాయంత్రం కొట్టం గడప మీద కూర్చునేవాడు. సుభాషిణి గాలి వాటం చూసుకుని, వసారా చివరకు వచ్చి పిల్లను రెండు చేతుల మీదా ఎత్తి చూపించేది. ఆయన చెయ్యి ఊపేవాడు. అంత దూరం నుంచి ముఖం సరిగ్గా ఆనేది కాదు, గుడ్డల మూట కనిపించేది. లోపలికి వెళ్లాక ఆయనకు ఏడుపు వచ్చేది. ఎవరితోనూ అనలేదు.

పద్దెనిమిదో రోజున సుభాషిణి, పచ్చి బాలింతరాలివి వెళ్లొద్దని తల్లి అంటున్నా వినకుండా, పిల్లను ఎత్తుకుని కార్యాలయానికి వెళ్లింది.

"మా నాన్న ఒక్కసారి ఎత్తుకుంటే చాలు మేడమ్," అంది. "అరనిమిషం చాలు."

ఫిలోమినా నిబంధనల పుస్తకం తీసి ఓపిగ్గా వెతికింది. అరనిమిషం గురించి అందులో ఎక్కడా లేదు. ఆమెకు నిజంగానే జాలి వేసింది. పేజీలు తిప్పుతుంటే ఇంకో నిబంధన కంటపడింది. మందు నిల్వ ఉన్న ఇంట్లో బియ్యం, నీళ్లు, పాలు నమూనా తీసి పరీక్షించాలి. ఆ ఇంట్లో అది ఇంకా జరగలేదు. పాలంటే గేదెపాలేనని పుస్తకంలో లేదు. ఆమె సుభాషిణి పాలు చిన్న సీసాలో పట్టించుకుంది, పనిలో పనిగా పిల్ల గోటి ముక్క కూడా తీసుకుంది. మర్నాడు మనిషిని పంపి ఇంటి బియ్యం, బోరు నీళ్లు తెప్పించింది.

ఫలితం బారసాల రోజు పొద్దున వచ్చింది. ఫిలోమినా కాగితాలు పట్టుకుని స్వయంగా వచ్చింది. చుట్టాలు అప్పటికే వసారాలో కూర్చుని ఉన్నారు, ఉయ్యాలకు పూలు కడుతున్నారు. ఆమె నిలబడే చదివింది. బియ్యంలో ఉంది. బోరు నీళ్లలో ఉంది. తల్లి పాలలో ఉంది. పిల్ల గోటిలో ఉంది. పాళ్లు తక్కువే కనుక పిల్లను ఆకుపచ్చ ముక్కోణం కింద నమోదు చేశారు.

"పాప కూడా మందేనమ్మా," అంది సుభాషిణితో. ఫిలోమినా ముఖంలో సంతోషం దాగలేదు. "ఇక పిల్లలకు దూరంగా ఉంచాలన్న మాట ఈమెకు వర్తించదు. మందు పక్కన మందును పెట్టొచ్చు. రెండూ ఒకదాంట్లో ఒకటి కలుస్తాయో లేదో చూస్తే సరిపోతుంది."

ఆ పరీక్ష అక్కడున్న రైతులందరికీ తెలిసిందే. గాజు సీసాలో నీళ్లు పోసి, రెండు మందులూ వేసి ఊపి, అరగంట ఆగాలి. మందు విరగకూడదు, అడుగున పేరుకోకూడదు, సీసా వేడెక్కకూడదు. చినకోటయ్య నుదుటి చెమట ఒక చుక్క, పిల్ల పెదవి మీది ఉమ్ము ఒక చుక్క వేసి ఫిలోమినా సీసాను వసారా గోడ మీద పెట్టింది. పురోహితుడు ముహూర్తం దాటుతోందని ఒకసారి దగ్గి, తర్వాత తనూ సీసా వైపే చూస్తూ కూర్చున్నాడు. అరగంట గడిచింది. నీళ్లు తేటగా ఉన్నాయి. ఫిలోమినా సీసాను చెంపకు ఆనించి చూసుకుని, కలపవచ్చును అని రాసి ముద్ర వేసింది.

పాలలోకి ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. ఆ ఊళ్లో అది అడగవలసిన సంగతి కాదు. పిల్లల తల్లులు మాత్రం ఫిలోమినా చుట్టూ చేరి, మా వాడికి కూడా చూడండి మేడమ్, మా వాడికీ ఆకుపచ్చే వస్తుంది అని అడగడం మొదలుపెట్టారు. ఆమె సంచిలోంచి ఫారాల కట్ట తీసింది.

చినకోటయ్య కొట్టంలోంచి వచ్చి పీట మీద కూర్చున్నాడు. సుభాషిణి పిల్లను ఆయన ఒళ్లో పెట్టింది. ఇన్ని రోజుల తర్వాత ఆ ముఖాన్ని ఆయన దగ్గరగా చూశాడు. కళ్లు మసకబారితే మోచేత్తో తుడుచుకుని మళ్లీ చూశాడు. పిల్ల చేతులు ఆడించి ఆడించి ఆయన చూపుడువేలు పట్టుకుంది, నోట్లో పెట్టుకుని చప్పరించడం మొదలుపెట్టింది. ఆదిలక్ష్మి అలవాటు కొద్దీ లాగేయబోయి, కాగితం గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"చూశావా," అన్నాడు చినకోటయ్య. "అచ్చం నా పోలికే."

ఆదిలక్ష్మి వంగి చూసి, అవునంది.