పాస్‌వర్డుకి జ్ఞానస్నానం

"ఈ రోజు నుంచి చిరిమార్కా మునిసిపాలిటీలో రహస్యం ఒక్కటే ఉంటుంది. అది నా దగ్గర ఉంటుంది" అని మేయర్ డాన్ ఎర్మోహెనెస్ వాయ్పా గారు ఊరి కూడలిలో మైకు పట్టుకుని ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. అంతకు ముందు రహస్యాలెన్ని ఉండేవో ఎవరికీ తెలియదు కాబట్టి, వాటిని ఒక్కటికి దించడం ఘనకార్యంగానే తోచింది.

ఆ ప్రకటన రాసింది విల్బెర్ తికోనా. మునిసిపాలిటీలో ప్రచార విభాగానికి అధిపతి అతనే, సిబ్బందీ అతనే. మేయర్ గారి ఘనతను పేపర్లకు పంపడం అతని పని. ఆ పని మీద అతనికి నిజంగానే భక్తి ఉంది.

సంగతేమిటంటే, రాజధాని నుంచి ఒక ఇంజనీరమ్మ తనిఖీకి వచ్చింది. ఆఫీసులో ప్రతి కంప్యూటరుకీ దాని పాస్‌వర్డు కాగితమ్ముక్క మీద రాసి, నుదుట బొట్టులా అంటించి ఉండటం చూసి గుండె బాదుకుంది. పాస్‌వర్డు మేనేజరు అనే సాఫ్ట్‌వేర్ పెట్టించింది. అది అన్ని పాస్‌వర్డులనూ ఒక పెట్టెలో దాస్తుందట. ఆ పెట్టెకి ఒకే ఒక్క మాట తాళంచెవి. ఆ మాట మీరే పెట్టుకోండి, మరిచిపోతే బ్రహ్మదేవుడు కూడా ఏమీ చెయ్యలేడని చెప్పి, కాగితాలన్నీ చింపించి, మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోయింది.

మేయర్ గారికి వచ్చిన చిక్కల్లా సాఫ్ట్‌వేర్ ఫొటోలో పడకపోవడమే. వంతెనైతే రిబ్బను కట్టొచ్చు. పైగా చిరిమార్కాలో జ్ఞానస్నానం కాని వస్తువు అచ్చిరాదు. లారీ కొన్నా, ఫుట్‌బాల్ చొక్కాలు కుట్టించినా, జ్ఞానతండ్రిని పిలిచి పేరు పెట్టించి సీసా పగలగొట్టాల్సిందే. ఫాదర్ చేత నీళ్లు చల్లించకుండా వాడిన రోడ్డు రోలరు ఇప్పటికీ వాగులోనే ఉంది. కాబట్టి తాళంచెవి మాటకి కూడా జ్ఞానస్నానం చేయించాలని తీర్మానించారు. పేరు పెట్టే హక్కు జ్ఞానతండ్రిది. బీరు ఖర్చంతా నాదేనన్న హార్డ్‌వేర్ కొట్టు డాన్ కసిమీరోకి ఆ గౌరవం దక్కింది.

విల్బెర్‌కి ఒక్క సందేహం వచ్చింది. రహస్యమైన మాటని పదిమందిలో ఎలా పలుకుతారు? పైకి పలకని పేరు చెల్లదని ఫాదర్ కచ్చితంగా చెప్పేశారు. మేయర్ గారు మీసం దువ్వుకుని, ఆ క్షణానికి బ్యాండు గట్టిగా వాయిస్తుందన్నారు. అంత చురుకైన బుర్ర ఈ కొండల్లో మరొకటి లేదని విల్బెర్ ఆ సాయంత్రమే పేపరుకి రాశాడు.

ఆదివారం వేడుక కన్నుల పండుగగా జరిగింది. కూడలిలో బల్ల వేసి, కంప్యూటరుకి లేసు గౌను తొడిగి, దండ వేశారు. ఫాదర్ మౌసు మీద నీళ్లు చల్లారు. బాకాలూ డోళ్లూ హోరెత్తుతుంటే కసిమీరో పేరు పలికి, ఒక్కో అక్షరమూ పైకి చదువుకుంటూ, తనే ఒంటివేలితో కొట్టాడు. పక్కనే ఉన్న మేయర్ గారికి డోలు తప్ప ఏమీ వినిపించలేదు. అయినా గంభీరంగా తల ఊపారు. ఫొటో చాలా బాగా వచ్చింది. తర్వాత సీసా పగిలింది, కాల్చిన కుయ్ అనే గినీపంది మాంసం తిన్నారు, బీరు తాగారు. మర్నాడు కసిమీరో కలప కొనడానికి కింది అడవుల్లోకి వెళ్లాడు. అక్కడ ఫోను పలకదు.

మంగళవారం పెట్టెతో పని పడింది. కొండ మీది ఊళ్లలో పిల్లలకిచ్చే పాల ఇండెంటు శుక్రవారంలోగా ప్రభుత్వ వెబ్‌సైటులో పెట్టాలి. లేకపోతే మళ్లీ వానలు పడేదాకా పాలు రావు. అక్కడ చాలామంది పిల్లలకి బడికి పోయేముందు కడుపులో పడేది ఆ గ్లాసుడు పాలే. విల్బెర్ కూతురూ అక్కడ అమ్మమ్మ దగ్గరే చదువుకుంటోంది. పాల కమిటీ అధ్యక్షురాలు డోన్యా ఎపిఫానియా, అంటే ఆ అమ్మమ్మే. భక్తి ఎంతున్నా, విల్బెర్‌కి ఆ రోజు భయం వేసింది.

మేయర్ గారు తలుపు మూయించి తన పేరు కొట్టారు. కాదంది. బిరుదులతో కొట్టారు. కాదంది. పార్టీ గుర్తు కొట్టారు, భార్య పేరు కొట్టారు. తర్వాత విల్బెర్‌ని కిటికీ వైపు తిరగమని ఇంకో పేరు కొట్టారు. అదీ కాదంది.

"ఆ రోజు మీకు వినపడలేదా సార్?"

"వినపడకేం? భద్రత కోసం మరిచిపోయాను."

"మరి పాలు సార్?"

"ముందు ఇది రాసుకో. మేయర్‌కి కూడా ప్రవేశం లేనంత భద్రత దేశంలో ఇదే మొదటిసారి."

విల్బెర్ రాశాడు. బుధవారం పేపర్లో మొదటి పేజీలో పడింది. పై ఆఫీసు నుంచి అభినందనలు కూడా వచ్చాయి.

శుక్రవారం పొద్దున ఎపిఫానియా పదిమంది ఆడవాళ్లని వెంటబెట్టుకుని, చేతిలో వేడి వేడి కోడి సూపు గిన్నెతో కొండ దిగి వచ్చింది. పాలిచ్చిన దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకోవడానికి వచ్చారనుకుని మేయర్ గారు చొక్కా సర్దుకున్నారు. విల్బెర్ ఇక ఆగలేక గుమ్మంలోనే నిజం కక్కేశాడు.

"అత్తయ్యా, పాల ఇండెంటు పోలేదు. పెట్టె తెరుచుకోవట్లేదు. పిల్లల నోటికాడ పాలు మేమే పడగొట్టాం."

"ఎందుకు తెరుచుకోదు నాయనా? దాని పేరు సెగురీటా దెల్ రొసారియో. ఎస్సు పెద్దది, చివర్న రెండు."

"రెండెందుకు?"

"ఒకటోది కసిమీరో పెద్దకూతురు కదా."

"ఇదంతా మీకెలా తెలుసు?"

"కసిమీరో మెడలో మైకు తగిలించింది నువ్వే కదయ్యా. మీకు డోలు వినపడింది. లౌడ్‌స్పీకర్లు కొండకేసి తిప్పి ఉన్నాయి, మాకు పేరు వినపడింది. గొర్రెలు కూడా మేత మానేసి విన్నాయి."

విల్బెర్ ఆ పేరు కొట్టాడు. పెట్టె తెరుచుకుంది. అందులోని పాస్‌వర్డుతో వెబ్‌సైటులోకి వెళ్లి చూస్తే, పాల ఇండెంటు కొండ మీది బడి కంప్యూటరు నుంచి సోమవారమే వెళ్లిపోయి ఉంది. కుర్చీలో కూలబడి, సిగ్గు లేకుండా కళ్లు తుడుచుకున్నాడు. ఆ కింద బడి కప్పు అర్జీ ఉంది, అదీ వెళ్లింది. నీళ్ల కోసం ఏళ్లతరబడి పడి ఉన్న ఫిర్యాదుకి, మేయర్ గారి క్షమాపణతో సహా, జవాబు వెళ్లింది. మేయర్ గారి ఛాతీ ఉబ్బుతూ వచ్చింది.

"చూశావా? ఒక్క వారంలో! రాసుకో విల్బెర్. ఇంకా ఏమేం చేశానో చదువు."

విల్బెర్ ఆఖరి వరుస దగ్గర ఆగాడు.

"సెలవు పెట్టారు సార్. పదవీకాలం అయ్యేదాకా. నిన్న కౌన్సిల్ ఏకగ్రీవంగా ఆమోదించింది."

"నేనా? ఏం కారణం చెప్పాను?"

"అనారోగ్యం సార్."

"నాకేం జబ్బు?"

ఎపిఫానియా సూపు గిన్నె బల్ల మీద పెట్టి, జాలిగా మూత తీసింది.

"వినికిడి లోపం అని ఉంది సార్" అన్నాడు విల్బెర్ మెల్లిగా.

"ఏమన్నావు?" అన్నారు మేయర్ గారు.

విల్బెర్ గట్టిగా మళ్లీ చెప్పాడు.