కుడి కోరపన్ను

ఏడంతస్తుల ఆ కార్యాలయంలో లిఫ్టు మెకానిక్ ఉద్యోగం ఖాళీగా ఉన్న సంగతి ఎనిమిది నెలలుగా దిగ్విజయంగా గోప్యంగా ఉంచబడింది. లిఫ్టు కదలడం మానేసి కూడా ఎనిమిది నెలలే అయింది. ఈ రెంటికీ ఏదో సంబంధం ఉండవచ్చునని ఎవరికైనా తోచినా పైకి అనేవారు కారు. లిఫ్టు తలుపుకి 'పని చేయుచున్నది' అని పలక వేలాడదీసి, అందరూ మెట్లెక్కి వెళ్ళేవారు. ఆరో అంతస్తు గుమాస్తాలు తొమ్మిదిన్నరకే మెట్లు మొదలుపెట్టి, మూడో అంతస్తులో కాళ్ళు చాపుకుని కాస్సేపు కూర్చుని, పదకొండింటికల్లా పదింటి డ్యూటీని అందుకునేవారు.

ఖాళీలకు ప్రకటన ఇవ్వకపోవడం ఆ సంస్థలో తరతరాల ఆనవాయితీ. అధ్యక్షులవారు వార్షికోత్సవ ఉపన్యాసంలో ఏటా ఈ ముక్క చెబుతారు. "ప్రకటన చూసి వచ్చినవాడు కాగితానికి కృతజ్ఞుడై ఉంటాడు. మనిషి చెప్పగా వచ్చినవాడు మనిషికి కృతజ్ఞుడై ఉంటాడు. మనది మానవ సంబంధాలకు విలువనిచ్చే సంస్థ. పైగా ప్రకటన ఇస్తే పని తెలిసినవాళ్ళు వచ్చే ప్రమాదం ఉంది. వాళ్ళని వద్దనడానికి కారణాలు వెతకాలి. అంత తీరిక మనకెక్కడిది?" ఎవరో ఒకరు చెప్పగా వచ్చిన నాలుగువందల మందీ అరచేతులు మండేదాకా చప్పట్లు కొడతారు.

అలాంటి చోటికి ఒకనాడు ఒక లిఫ్టు మెకానిక్ తిన్నగా నడిచి వచ్చేశాడు.

అతనికి పంతొమ్మిదేళ్ళ అనుభవం. లిఫ్టు ఒక్క మూలుగు మూలిగితే చాలు, రోగం ఎక్కడుందో చెప్పేస్తాడు. పనిచేసే కంపెనీ మూతపడి ఇంట్లో కూర్చున్నాడు. అతని భార్య తమ్ముడికి స్టీలు సామాన్ల కొట్టుంది. "రెండు నెలలు చూడు బావా. ఏదీ దొరక్కపోతే వచ్చి మా కొట్లో కూర్చో. గిన్నెలు తుడవడానికి మనిషి ఎలాగూ కావాలి, బయటివాళ్ళెందుకు?" అన్నాడు ఆ బావమరిది ఎంతో ప్రేమగా, పదిమంది ఎదుట. ఆ ప్రేమ తలుచుకుంటే మెకానిక్‌కి తిన్న అన్నం వంటబట్టడం లేదు. బావమరిది పైన గల్లాపెట్టె దగ్గర, తను కింద పీట మీద గిన్నెల మధ్య. రెండు నెలల్లో ఒక లిఫ్టు దొరక్కపోతే మిగిలిన బతుకంతా ఆ పీటే.

వీధిన పోతూ అతను చెమటలు కక్కుతూ మెట్లెక్కుతున్న జనాన్నీ, తలుపు మీది పలకనూ చూశాడు. రెండూ కలిపి చూసుకుని ఆరో అంతస్తు ఎక్కి సిబ్బంది అధికారి ముందు నిలబడ్డాడు.

"లిఫ్టు మెకానిక్ ఉద్యోగం ఖాళీ ఉన్నట్టుందండి."

అధికారి చేతిలో కలం జారిపోయింది. "నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. లిఫ్టు నడవడం లేదు గదా."

"అంటే లిఫ్టు చెప్పిందంటావు."

"అలాగే అనుకోండి."

"సరే, నువ్వు ఎవరి తాలూకు?"

"ఎవరి తాలూకూ కాదండి. పని వచ్చు."

అధికారి మంచివాడు. కసురుకోకుండా దరఖాస్తు ఫారం తీసి చూపించాడు. దాని మీద ఒకే ఒక గడి ఉంది: 'ఎవరి తాలూకు'. పేరుకీ చదువుకీ చోటు పెడితే కాగితం దండగని ఎప్పుడో తీసేశారు. ఆ గడి ఖాళీగా ఉంటే ఫారం బీరువాలో పట్టదని ఆయన నచ్చజెప్పి పంపేశాడు.

ఆ సాయంత్రమే ముగ్గురు సభ్యుల విచారణ సంఘం ఏర్పడింది. ఇంత రహస్యం బయటికి పొక్కించిన నేరం లిఫ్టుదేనని సంఘం నిస్సంకోచంగా తేల్చింది. సంజాయిషీ అడుగుతూ లిఫ్టు తలుపుకి నోటీసు అంటించారు. వారంలోగా జవాబు రాలేదు గనక నేరం ఒప్పుకున్నట్టే భావించి, ఇకముందు అది ఎవరికీ ఏమీ చెప్పకుండా ఉండేందుకు దానిమీద నల్లగుడ్డ కప్పారు.

మెకానిక్ ఇంట్లోనూ విచారణ జరిగింది. "పని వస్తే సరిపోతుందా? నలుగురిలో తిరగాలి. పెద్దవాళ్ళ కళ్ళలో పడాలి. నువ్వేమో ఎక్కడికెళ్ళినా లిఫ్టు కింద గుంటలో దిగి కూర్చుంటావు. ఎవరికి కనబడతావు?" అంది భార్య. ఆవిడ మాటలో తప్పేమీ లేదు. పంతొమ్మిదేళ్ళూ అతను జనం కాళ్ళ కిందే బతికాడు.

కళ్ళలో పడడం కోసం అతను పార్కుకి బయల్దేరాడు. అధ్యక్షులవారు రోజూ తెల్లవారగానే అక్కడ నడుస్తారు. ఆయన వెనక నలభై ఒక్కమంది నడుస్తారు. వాళ్ళలో ఎవరికీ నడక అవసరం లేదు, ఉద్యోగం అవసరం. మెకానిక్‌కి నలభై రెండో చోటు దొరికింది. ముందున్నవాణ్ణి దాటకూడదు. అధ్యక్షులవారు దగ్గితే అందరూ ఆగాలి. ఆయన బూటు లేసు కట్టుకుంటే అందరూ వంగాలి. ప్రజల్లో ఆరోగ్యం మీద ఇంత శ్రద్ధ పెరిగినందుకు ఆయన పొంగిపోయి పత్రికకి ఒక వ్యాసం కూడా రాశారు. మూడు వారాలయ్యేసరికి మెకానిక్ ముప్పై తొమ్మిదో చోటుకి వచ్చాడు. ముందున్నవాళ్ళలో ఇద్దరికి మోకాళ్ళు పోయాయి, ఒకాయన తనే పోయాడు.

ముప్పై ఎనిమిదో చోట నడుస్తున్న రిటైర్డు మాస్టారికి అతని మీద జాలి కలిగింది. "ఇలా నడిస్తే ఆయన వీపు తప్ప ఇంకేం తెలీదు నాయనా. ఆయన నోట్లో చెయ్యిపెట్టి మాట్లాడేంత చనువున్న మనిషి ఒకడే. పళ్ళ డాక్టరు. వెళ్ళి ఆయన్ని పట్టుకో" అన్నాడు.

"మరి మీరెందుకు పట్టుకోలేదు మాస్టారూ?"

మాస్టారు పై వరుస కట్టుడు పళ్ళు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. "నా దగ్గర పెట్టుబడి లేదు" అన్నాడు బోసిగా.

మెకానిక్ దగ్గర పెట్టుబడి దండిగా ఉంది. ముప్పై రెండూ రాళ్ళలాంటి పళ్ళు. డాక్టరుగారి గదిలోకి వెళ్ళడానికి ఏదో ఒక నొప్పి చెప్పాలి గనక పన్ను నొప్పన్నాడు. ఏ పన్నని డాక్టరుగారు అడగలేదు. ఆయనది ఎడమచేతి వాటం, కుర్చీ గోడకి ఆనుకుని ఉంది, కిటికీలోంచి వెలుతురు పడేది కుడివైపు పై కోర మీదే. అందుచేత ఎవరికి ఏ పన్ను నొప్పి పుట్టినా ఆయన తీసేది అదే. ఒకదాన్ని తీస్తే మిగతావి భయపడి ఊరుకుంటాయని ఆయన సిద్ధాంతం. అది చాలావరకు నిజమే, రెండోసారి నొప్పి అని చెప్పినవాళ్ళు ఇంతవరకూ లేరు.

మెకానిక్ దారి పొడుగునా కంఠతా పట్టిన మాటలు నాలుగున్నాయి. తన అనుభవం, లిఫ్టు, అధ్యక్షులవారు, ఒక్క మాటసాయం. "నోరు తెరవండి" అన్నారు డాక్టరుగారు. తెరిచాడు. ఆ తరువాత ఆ నోట్లో మాటకి చోటు లేకపోయింది. అరనిమిషంలో నోటినిండా దూదితో, చేతిలో పన్ను పొట్లంతో వీధిలో ఉన్నాడు.

భార్య ముందు గోరువెచ్చని ఉప్పునీళ్ళిచ్చి పుక్కిలించమంది, ఆ తరువాతే తిట్టింది. "ఉద్యోగం పోయిందంటే కంపెనీ మూసేశారు, సరే. పన్నుకేమొచ్చింది? అది బాగానే పనిచేస్తోంది గదా." అతనికి ఏడుపొచ్చింది. పొట్లం అల్మారాలో పనిముట్ల పెట్టెలో దాచుకున్నాడు.

ఈలోగా ఉద్యోగం భర్తీ అయిపోయింది. అధ్యక్షులవారి వియ్యపురాలి మేనల్లుడికిచ్చారు. ఆ అబ్బాయి చేపల పెంపకం చదువుకున్నాడు. ముక్కాలిపీట ఎక్కితే కళ్ళు తిరుగుతాయి. ఇంటర్వ్యూలో "అమ్మ బాగున్నారా?" అని అడిగితే తడుముకోకుండా "బాగుందండి" అన్నాడు. అభ్యర్థి చురుకుదనం సంఘాన్ని ఆకట్టుకున్నదని ఫైల్లో రాశారు. అతను లిఫ్టు మీది నల్లగుడ్డ తీసి, లోపల శుభ్రంగా తుడిచి, అత్తరు చల్లి, సిద్ధమని ప్రకటించాడు.

ప్రారంభోత్సవానికి చప్పట్లు కొట్టడానికి పార్కు నడకవాళ్ళని పిలిపించారు. బావమరిది గడువు ఆ మర్నాడే. చివరిసారిగా ఒక లిఫ్టు చప్పుడు విందామని మెకానిక్ కూడా వచ్చాడు, అలవాటు కొద్దీ పనిముట్ల సంచి పట్టుకుని. అధ్యక్షులవారు, సిబ్బంది అధికారి, చేపల మెకానిక్ ఎక్కారు. లిఫ్టు పాత అభిమానం కొద్దీ లేచి, మూడో అంతస్తు దాటి, నాలుగుకి చేరకుండా 'టక్' మని ఆగింది. ఆ టక్కు వినగానే మెకానిక్‌కి సంగతి తెలిసిపోయింది. మూడో అంతస్తు తలుపు తాళంలో కాంటాక్టు అంటుకోవడం లేదు. ఒక గుడ్డముక్కా, ఒక స్క్రూడ్రైవరూ, పది నిమిషాలు.

మూడు మెట్లకొక అంగ వేస్తూ మూడో అంతస్తుకి పరుగెత్తాడు. జాలీ తలుపులోంచి చూస్తే లోపలివాళ్ళు మోకాళ్ళదాకానే కనబడుతున్నారు. "నేను బాగుచేస్తానండి" అని అరిచాడు.

అధ్యక్షులవారు నేలమీద బాసింపట్టు వేసుకుని, తల వంచి కిందికి చూశారు. "ఎవరయ్యా నువ్వు? ఎవరి తాలూకు?"

"పది నిమిషాల పనండి."

"ఎన్ని నిమిషాలని అడిగానా? ఎవరి తాలూకని అడిగాను. ఎవరి తాలూకో తెలియని చేతికి మా ముగ్గురి ప్రాణాలెలా అప్పగిస్తాం?"

తెలిసినవాళ్ళలో లిఫ్టు పనివాడెవరైనా ఉన్నాడేమోనని ఆయన లోపల్నుంచే ఫోన్లు మొదలుపెట్టారు. ఒకాయన తన షడ్డకుడి అల్లుడు పంపులు చూస్తాడన్నాడు, కాని ఆ అల్లుడు పెళ్ళికెళ్ళాడట, ఎల్లుండి వస్తాడట. ఇంకొకాయన ఫోటోగ్రాఫర్ని పంపుతానన్నాడు. ఇలా రెండు గంటలు గడిచాయి. కింద నడకవాళ్ళు, ఆపమని ఎవరూ చెప్పలేదు గనక, పది నిమిషాలకోసారి చప్పట్లు కొడుతూనే ఉన్నారు. లోపల అత్తరుకి అధికారిగారికి దగ్గు పట్టుకుంది. చేపల అబ్బాయి కళ్ళు మూసుకుని అధ్యక్షులవారి కాలు పట్టుకుని ఉన్నాడు.

"ఇంత ఊళ్ళో నీకు తెలిసినవాడు ఒక్కడూ లేడా?" అన్నాడు అధికారి నీరసంగా.

మెకానిక్‌కి నవ్వొచ్చింది. ఏడవలేక నవ్వడమంటారే, అది. నోరంతా తెరిచి నవ్వాడు.

అధ్యక్షులవారు గబుక్కున ముందుకి వంగారు. ఫోను లైటు వేసి ఆ నోట్లోకి చూశారు. "కుడి కోర" అన్నారు మెల్లగా. "పై వరస. ఎడమచేతి లాగుడు." అని తన పై పెదవి వేలితో ఎత్తి చూపించారు. అక్కడా అదే సందు. పక్కనున్న అధికారీ పెదవి ఎత్తాడు. చేపల అబ్బాయి కళ్ళు తెరవకుండానే నోరు తెరిచాడు. నాలుగు నోళ్ళు, ఒకే ఖాళీ. అధ్యక్షులవారి కళ్ళు చెమర్చాయి.

"మన డాక్టరుగారి తాలూకని ముందే చెప్పొద్దటయ్యా? ఇంతసేపూ మమ్మల్ని కూర్చోబెట్టావు. పరాయివాడివనుకున్నాను" అన్నారు.

తొమ్మిది నిమిషాల్లో లిఫ్టు కదిలింది. మెకానిక్ ఉద్యోగం అప్పటికే భర్తీ అయింది గనక అతనికి 'లిఫ్టు సలహాదారు' అని కొత్త కొలువు సృష్టించి, దానితోపాటు నియామక సంఘంలో కుర్చీ వేశారు. సలహాదారు పనిముట్లు ముట్టుకోవడం హోదాకి తగదని సంచి ఇంటికి పంపించేశారు. చేపల అబ్బాయి పైగదిలో మోటారు పక్కన గాజుతొట్టె పెట్టుకుని సుఖంగా ఉన్నాడు. బావమరిది ఇప్పుడు 'బావగారూ, మీరు' అంటున్నాడు. మొన్న వచ్చి నవ్వితే అతనికీ కోరపన్ను లేదు. ఊళ్ళో చాలామందికి లేదు. డాక్టరుగారి ఇంటి ముందు వరస వీధి మలుపుదాకా ఉంటోంది. కార్యాలయం వాళ్ళు కూడా కాలంతోపాటు మారి, ఫారంలో గడి తీసేసి పళ్ళవరస బొమ్మ అచ్చేయించారు.

పోయిన మంగళవారం పనిముట్ల సంచితో ఒక అమ్మాయి నియామక సంఘం ముందుకి వచ్చింది. "నాలుగో అంతస్తు దాటేటప్పుడు తాడు రాసుకుంటున్న చప్పుడొస్తోందండి. ఆ తాడు ఎక్కువ రోజులు నిలవదు. మనిషి కావాలేమోనని వచ్చాను" అంది.

"నీకెవరు చెప్పారమ్మా?" అన్నారు పక్కవాళ్ళు.

"లిఫ్టేనండి."

సలహాదారు తలెత్తి ఆ అమ్మాయి చేతిలోని సంచికేసి చూశాడు. ఆ చప్పుడు నెలరోజులుగా అతనూ వింటున్నాడు. రేపట్నుంచి వచ్చెయ్యమ్మా అనాలని నాలుకదాకా వచ్చింది. పక్కన ఇద్దరు సభ్యులూ తనకేసే చూస్తున్నారు. స్టీలు కొట్టూ, పీటా, గిన్నెలూ కళ్ళముందు కదిలాయి. నాలుక వెనక్కి వెళ్ళి, పన్ను లేని ఆ సందులో ఒకసారి తడుముకుంది.

"ఏదీ, నోరు తెరువు తల్లీ" అన్నాడు.

తెరిచింది. ముప్పై రెండూ తళతళలాడుతున్నాయి. ఫారం మీద 'అనర్హురాలు' అని రాసి సంతకం చేశాడు. అతనికి సిగ్గేసింది, నిజంగానే. టీ వచ్చేదాకా అలాగే ఉంది. ఆ సాయంత్రం మాత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు లిఫ్టు ఎక్కకుండా మెట్లు దిగి వెళ్ళాడు. మిగతావాళ్ళు లిఫ్టులోనే దిగారు.

ఇది చదివి నవ్వుకుంటున్న పెద్దలకు ఒక మనవి. నవ్వండి, కాదనను. కాని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వండి. పళ్ళన్నీ ఉన్నట్టు ఎవరి కంటనైనా పడితే, మీకెవరూ లేరని తెలిసిపోతుంది.